హార్బర్ పక్క రాళ్ల మీద గాలం: కిందికి దిగాలా, పైనే ఉండాలా?

మద్దిలపాలెం గాలం
విశాఖలో కోస్టల్ బ్యాటరీ దగ్గర పేర్చిన బండల మీద, అటు తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద గాలం వేసేవాళ్లు రెండు పార్టీలుగా ఉన్నారు. కొందరు నీటి అంచు దాకా దిగి రాళ్ల సందుల్లోనే ఎర వదులుతారు. కొందరు పైన పొడి బండ మీద నిలబడి, పొడుగు రాడ్‌తో దూరంగా విసురుతారు. మొన్న మా గ్రూపులో దీని మీద పెద్ద గొడవే అయింది. పైనుంచి లాగితే సగం చేపలు బండలకు కొట్టుకుని ఊడిపోతాయని ఒకడు, కిందికి దిగితే చేప సంగతి తర్వాత, ముందు నువ్వే ఊడిపోతావని ఇంకొకడు. అలవాటున్నవాళ్లు చెప్పండి. కొత్తవాళ్లు అసలు ఈ రాళ్ల జోలికి వెళ్లొచ్చా?

జాలరిపేట తమ్ముడు
దిగాల్సిందే అన్నా. పండుగొప్ప చేప ఉండేది రాయి నీడలో. నువ్వు పైనుంచి యాభై మీటర్లు విసిరితే ఎర పడేది ఇసుకలో. అక్కడ పీతలు తినేసి ఖాళీ గాలం పంపిస్తాయి.

మావాళ్లు చిన్నప్పటి నుంచి ఒట్టి కాళ్లతో దిగుతున్నారు. రాయి రంగు చూసి కాలు పెడతారు. పచ్చగా మెరుస్తుంటే పాచి, దాని మీద ఎంత పెద్ద మొనగాడైనా జారతాడు. నల్లగా, చిన్న చిన్న గుల్లలు అంటుకుని గరుగ్గా ఉంటే కాలు నిలుస్తుంది, కాకపోతే పాదం చీరుకుంటుంది. పైనుంచి చూసి భయపడేవాళ్లకు ఈ తేడా తెలీదు.

పోటు పాటు
తమ్ముడు రాయి గురించి చెప్పింది నిజం. కానీ రాళ్ల మీద ప్రాణం తీసేది రాయి కాదు, నీళ్లు. అందులోనూ రెండు సంగతులున్నాయి, జనం రెండూ కలిపేస్తారు.

ఒకటి పోటు. మన దగ్గర రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటుకూ పాటుకూ నీటి మట్టంలో తేడా మీటరున్నర దగ్గరికి వస్తుంది. అష్టమి దగ్గర్లో అందులో సగం కూడా ఉండదు. పాటు నుంచి పోటుకు ఆరు గంటల పైచిలుకు. పోటు వేళ రోజూ ముప్పావు గంట పైనే ఆలస్యమవుతుంది కాబట్టి, పోయిన ఆదివారం ఆరింటికి బాగుంది, ఈ ఆదివారం కూడా ఆరింటికే వెళ్దాం అంటే లెక్క తప్పుతుంది. పైగా పోటు ఎక్కేటప్పుడు నువ్వు నిలబడ్డ బండ ముందు మునగదు. దాని వెనక, ఒడ్డుకూ బండకూ మధ్య ఉన్న పల్లం ముందు నిండుతుంది. నీ చూపు గాలం మీద ఉంటుంది, దారి వీపు వెనక మూసుకుపోతుంది. తెన్నేటి పార్కు వైపు సమస్య ఎక్కువ ఇదే.

రెండోది కెరటం. ఏప్రిల్, మే నెలల్లో కొన్ని రోజులు ఇక్కడ గాలి పెద్దగా ఉండదు, ఆకాశం శుభ్రంగా ఉంటుంది. అయినా ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను గాలులకు పుట్టిన కెరటాలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన ఒడ్డుకు చేరతాయి. ఒక కెరటానికీ ఇంకో కెరటానికీ పదిహేను సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. దూరం నుంచి చూస్తే అసలు ఎత్తే కనపడదు, రాయి దగ్గరకొచ్చాకే లేస్తుంది. అవి గుంపులుగా వస్తాయి. పది నిమిషాలు చెరువులా ఉండి, తర్వాత మూడో నాలుగో వరసగా వచ్చి పొడిగా ఉన్న బండను కూడా తుడిచేస్తాయి. ఐదు నిమిషాలు చూసి ‘ప్రశాంతంగా ఉంది’ అని దిగేవాడు సరిగ్గా ఆ గ్యాప్‌లోనే దిగుతాడు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు కెరటాల ఎత్తు, వాటి మధ్య వ్యవధి ముందే ఇస్తారు, పెద్ద కెరటాల హెచ్చరికలూ పెడతారు. ఎత్తు ఒక్కటే చూసి వదిలేయకండి. మీటరు ఎత్తే అయినా వ్యవధి ఎక్కువుంటే ఆ రోజు రాళ్లు మన కోసం కాదు. అక్కడికెళ్లాక కూడా ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుని చూడండి. తడి ఎంతవరకు ఎక్కిందో అదే గీత. గీత కింద కాలు పెట్టొద్దు.

సీతమ్మధార మాస్టారు
ఇంత చదివాక కూడా ‘ఎక్కడ నిలబడాలి’ అనే ప్రశ్నేనా బాబూ? మొత్తం కంచె వేసేయాలి. జాలరి కుర్రాడికి కెరటం తెలుసు, ఒప్పుకుంటాను. అతన్ని చూసి పక్కనే దిగే కాలేజీ పిల్లలకు, సెల్ఫీల వాళ్లకు తెలుసా? వాళ్లు పడితే దూకేది ఎవరు? మళ్లీ ఆ జాలరి కుర్రాళ్లే కదా. నా ప్రాణం నా ఇష్టం అనడానికి లేదు, ఎందుకంటే నీ వెనక దూకేవాడి ప్రాణం కూడా అందులో ఉంది.

జాలరిపేట తమ్ముడు
మాస్టారూ, దూకేది మేమే, నిజమే. కానీ కంచె వేస్తే ముందు ఆగేది కూడా మేమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరబోట్లు కదలవు. ఒడ్డున నిలబడి గాలం వేసుకోవడానికి ఆ నిషేధం లేదు కాబట్టి కూర చేపకు రాళ్ల మీదకెళ్తాం. సెల్ఫీ పిల్లల కోసం మా దారి మూస్తామంటే ఎలా అండీ?

పోటు పాటు
చిత్రం ఏంటంటే, రాళ్ల మీద రద్దీ పెరిగేదీ ఆ రెండు నెలల్లోనే, నేను చెప్పిన గాలి లేని కెరటాలు వచ్చేదీ అప్పుడే. కంచె కన్నా ఆ రోజుల్లో ఎర్ర జెండా పాతి, ఒక మనిషిని కూర్చోబెడితే ఎక్కువ పని జరుగుతుంది. మాస్టారి మాటలో దూకేవాడి గురించి అన్నది మాత్రం కాదనలేను.

భీమిలి బస్సు
అంత గొడవ ఎందుకు, హార్బర్ గోడ లోపలి వైపు వేసుకోవచ్చుగా? నీళ్లు కదలవు, కెరటం రాదు.

ఉప్పునీళ్లు
లోపలి వైపు వద్దు బ్రదర్. ఒకటి, అది పోర్టు ప్రాంతం, పాస్ లేకుండా రానివ్వరు. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, నేవీ. అక్కడ ఫోన్ తీసి ఫొటోలు కొట్టినా తలనొప్పే. రెండు, బోట్లు తిరిగే దారిలో తంగూసు (గాలం దారం) వదిలితే వాటి అడుగున తిరిగే ఫ్యాన్‌కు చుట్టుకుంటుంది. అప్పుడు బోటు వాళ్లు తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. ఇక కెరటం రాదనుకోవడం కూడా తప్పే. పెద్ద ఓడో టగ్గో వెళ్లిన కాసేపటికి నీరు ఉన్నట్టుండి లేచి గోడ రాళ్ల మీదికి ఎక్కి దిగుతుంది.

అసలు ప్రశ్నకు వస్తాను. దిగడమా, పైన ఉండడమా అని కొట్టుకుంటున్నారు కానీ, కిందికి దిగాలనిపించేది ఎప్పుడు? చేప పడ్డాక, దాన్ని పైకి తీయలేక. అదే అసలు ప్రమాదం. అప్పటిదాకా బుద్ధిగా పైన ఉన్నవాడు కూడా రెండు కిలోల పార చేప కింద కొట్టుకుంటుంటే టెన్షన్‌లో గబగబా దిగుతాడు. ఒక చేతిలో రాడ్, కళ్లు చేప మీద, వచ్చే కెరటం వైపు చూపే ఉండదు. అందుకే రాడ్ కన్నా ముందు పొడుగు కర్ర వల కొనాలి. కర్ర చాలనంత ఎత్తు బండ అయితే, రింగుకు కట్టిన వల తాడుతో దించి, చేపను దాని మీదికి తెచ్చి, పక్కవాడు లాగాలి. ఒక్కడే చేసే పని కాదు, ఇద్దరు లేకపోతే వెళ్లొద్దు. వల లేని రోజు చేప పోతే పోనీ, తంగూసు కోసేయ్.

తమ్ముడూ, మీ సంగతి వేరు, నీకు చెప్పేటంతవాణ్ని కాదు. కానీ పేర్చిన బండలు సహజమైన రాయి లాంటివి కావు. మధ్య సందులుంటాయి, కొన్ని కదులుతాయి. అడుగున ఇసుక కూడా ఏడాదికోలా ఉంటుంది. దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుకకు పోర్టు కట్టలు అడ్డం, అందుకే డ్రెడ్జింగ్ ఇసుక తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. నిరుడు మోకాలి లోతున్న చోట ఇప్పుడు మనిషి లోతు ఉండొచ్చు.

మద్దిలపాలెం గాలం
నడుముకు తాడు కట్టుకుని రాయికి బిగించుకుంటే? మా వాడొకడు అదే అంటున్నాడు.

పోటు పాటు
వద్దు. కెరటం లాక్కెళ్లాక ఆ తాడు నిన్ను మళ్లీ మళ్లీ అదే రాయికేసి కొడుతుంది. తాడు ఉండాల్సింది ఒడ్డున ఉన్నవాడి చేతిలో. ఖాళీ నూనె క్యాన్‌కు మూత బిగించి, పిడికి ఇరవై మీటర్ల తాడు కట్టి పక్కన పెట్టుకోండి. ఎవరైనా పడితే అది విసరాలి, మనం దూకకూడదు. పడ్డవాడు కూడా వెంటనే రాయి పట్టుకుని ఎక్కాలని చూడకూడదు. క్యాన్ పట్టుకుని, కెరటం విరగని చోటికి కాస్త సముద్రం లోపలికి పోయి తేలుతూ ఉండాలి. ఈలోగా 112కి గానీ, కోస్ట్‌గార్డ్ 1554కి గానీ ఫోన్ చేయాలి. లైఫ్ జాకెట్ వేసుకుంటే నవ్వుతారని మానేయకండి. గమ్ బూట్లు మాత్రం వద్దు, నీళ్లు నిండితే కాలు ఎత్తలేరు.

సీతమ్మధార మాస్టారు
ఆ క్యాన్లు ఐదారు అక్కడే కట్టి ఉంచితే కంచె మాట కొన్నాళ్లు పక్కన పెడతాను. చీకటి పడ్డాక మాత్రం ఎవరూ ఉండకూడదు. అందులో బేరం లేదు.

జాలరిపేట తమ్ముడు
పండుగొప్ప పడేదే చీకటి పడ్డాక మాస్టారూ!

మద్దిలపాలెం గాలం
మీరిద్దరూ తేల్చుకోండి. మేం మాత్రం పగలే, అష్టమి దగ్గర్లో, పైనే. ఇంతకీ ఆ పొడుగు కర్ర వల ఎక్కడ దొరుకుతుంది?

ఉప్పునీళ్లు
రెడీమేడ్‌ది కొనకు, రింగు వంగిపోతుంది. వల ముక్క తెచ్చుకుని, వెల్డింగ్ షాపులో ఇనుప రింగు చేయించి, వెదురు గెడకు కట్టించుకో. గెడ నీ బండ ఎత్తు కన్నా ఒక బార ఎక్కువుండాలి.