సూపర్ బౌల్ చలి ఊళ్ళకు ఇవ్వాలా, వద్దా?

ఎడిసన్ నాన్న

బఫెలో పక్కన ఆర్చర్డ్ పార్క్‌లో బిల్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కొత్త స్టేడియం కట్టారు. 2026 సీజన్ నుంచి ఆటలు అక్కడే. న్యూయార్క్ రాష్ట్రం, కౌంటీ కలిసి 85 కోట్ల డాలర్ల ప్రజల సొమ్ము పెట్టాయి. పైకప్పు మాత్రం వేయలేదు. అంటే అక్కడికి సూపర్ బౌల్ (ఫిబ్రవరిలో జరిగే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ ఫైనల్) వస్తుందని ఆశ పెట్టుకోవడం దండగ.

కారణం లీగ్ ఎప్పటి నుంచో పాటిస్తున్న షరతు. ఫైనల్ జరిగే రోజుల్లో సగటు ఉష్ణోగ్రత 50 ఫారన్‌హీట్ కన్నా, అంటే మన లెక్కలో 10 డిగ్రీల కన్నా, తక్కువ ఉండే ఊరికి కప్పున్న స్టేడియం ఉండాలి. అది లేకపోతే ఫైనల్ ఇవ్వరు. ఒకే ఒక్కసారి, 2010 మేలో, ఓనర్లు ఓటేసి ఆ షరతు పక్కన పెట్టారు. ఎవరి కోసం? న్యూయార్క్, న్యూజెర్సీ కోసం. మార్కెట్ పెద్దదైతే చలి అడ్డం రాలేదు, బఫెలో విషయంలో మాత్రం వస్తుందా?

2014 ఫిబ్రవరి 2న మెట్‌లైఫ్ స్టేడియంలో ఆ ఆట జరిగింది. అది మా ఇంటికి గంట లోపు దూరం. వారం ముందు నుంచీ ఆఫీసులో ఎవరి నోట విన్నా మంచు తుఫాను గురించే. తీరా కిక్కాఫ్ వేళకి 49 ఫారన్‌హీట్. మామూలు జాకెట్ వేసుకుంటే సరిపోయింది. 1972లో న్యూ ఓర్లీన్స్‌లో ఆడిన సూపర్ బౌల్‌కి 39 ఫారన్‌హీటే, దానికన్నా ఇది నయం. ప్రతి ఏడాదీ చలిలో కూర్చుని టికెట్లు కొనే అభిమానుల ఊళ్ళకు ఒక్క ఫైనల్ ఇవ్వడానికి ఎందుకింత భయం? ఇవ్వాలి అన్నదే నా మాట. మీరేమంటారు?

మిన్నెసోటా కోడలు

ఇవ్వాలి, కానీ కప్పు కింద. మా ఊరే దానికి రుజువు. 2018 ఫిబ్రవరి 4న మిన్నియాపోలిస్‌లో కిక్కాఫ్ వేళకి బయట 2 ఫారన్‌హీట్, అంటే సున్నాకి దిగువన 17 సెల్సియస్. ఏ సూపర్ బౌల్ రోజునా బయట అంత చలి లేదు. లోపల మాత్రం ఈగిల్స్, పేట్రియాట్స్ 41-33తో ఆడారు. రెండు వైపులా ఆ పాస్‌లు చూశారు కదా! బయట ఆడి ఉంటే అలాంటి ఆట చూసేవాళ్ళమా?

ఊరు దాక్కోలేదు కూడా. వారమంతా నికొలెట్ వీధిలో మంచులోనే సంగీత కచేరీలు పెట్టారు, మేం పిల్లల్ని తీసుకెళ్ళాం. వేళ్ళు కొంకర్లు పోతే స్కైవేలోకి దూరి వేడి కాఫీ తాగి మళ్ళీ బయటికి వచ్చేవాళ్ళం. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను, స్కైవే అంటే డౌన్‌టౌన్ బిల్డింగులను రెండో అంతస్తులో కలిపే గాజు వంతెనలు. కోటు లేకుండా మైళ్ళ కొద్దీ నడవొచ్చు. అలాంటి ఏర్పాటు ఉంది కాబట్టి చలి మాకు పండగలో భాగం అయింది. అదే చలిలో నాలుగు గంటలు కదలకుండా కూర్చోమంటే నేను రాను, మా మామగారిని రానివ్వను.

డాలస్ వాసి

వెచ్చని ఊళ్ళను నమ్ముకోవడమే తప్పని నా అనుభవం. 2011లో ఫైనల్ మా ఆర్లింగ్టన్‌లో పెట్టారు. ఆ వారం మొదట్లోనే మంచు వాన పడి రోడ్లన్నీ అద్దం అయిపోయాయి. రాష్ట్రమంతా వంతులవారీగా కరెంటు తీసేశారు. మా అపార్ట్‌మెంట్లో చీకట్లో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. బడులు మూతపడ్డాయి. శుక్రవారం స్టేడియం కప్పు మీద నుంచి మంచు పెళ్ళలు జారిపడి ఆరుగురికి దెబ్బలు తగిలాయి. గమనించండి, దానికి కప్పు ఉంది. దెబ్బలు తగిలింది ఆ కప్పు మీది మంచుతోనే.

2000లో అట్లాంటాలో కూడా ఇదే కథ, ఊరంతా ఐసు. చలి ఎరగని ఊళ్ళో ఉప్పు చల్లే లారీలు తక్కువ, జనానికి ఐసు మీద కారు నడపడం అలవాటు లేదు. బఫెలోలో అడుగు మంచు పడినా మర్నాటి ఉదయానికి రోడ్డు తయారు. కాబట్టి థర్మామీటర్ చూసి ఊరిని ఎంచుకోవడం కన్నా, చలి వస్తే ఆ ఊరు తట్టుకోగలదా అని చూడాలి.

కాన్సస్ నర్సు

నేను ఆటని ప్రేమించే మనిషినే. అయినా నా ఓటు వద్దు అనే. చెబుతాను వినండి.

2024 జనవరి 13న మా ఊళ్ళో చీఫ్స్, డాల్ఫిన్స్ ప్లేఆఫ్ ఆట. కిక్కాఫ్‌కి సున్నాకి కింద 4 ఫారన్‌హీట్, సెల్సియస్‌లో సున్నాకి కింద 20. ఆ చలి రోజుల్లో ఫ్రాస్ట్‌బైట్‌తో, అంటే చలికి చర్మం గడ్డకట్టి, ఆసుపత్రులకి వచ్చిన వాళ్ళలో ఆ ఆట చూడటానికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కొందరికి తర్వాత వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. అది పేపర్లలో కూడా వచ్చింది. వాళ్ళంతా చలి తెలియనివాళ్ళు కాదు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు.

ఫ్రాస్ట్‌బైట్ ఎందుకు మోసం చేస్తుందంటే, మొదట నొప్పి పెడుతుంది, తర్వాత ఆ నొప్పి పోతుంది. "అలవాటైపోయింది" అనుకుంటాం. అలవాటు కాదది, చర్మం మొద్దుబారిపోవడం. ఇక మద్యం తాగితే ఒళ్ళు వెచ్చగా అనిపిస్తుంది, కానీ రక్తం చర్మం దగ్గరికి చేరి లోపలి వేడి బయటికి పోతుంది. కాంక్రీటు మీద గంటలు గంటలు కాళ్ళు పెట్టి కూర్చోవడం ఇంకో ముప్పు. తెలిసినవాళ్ళు అట్టముక్కలు తెచ్చి బూట్ల కింద వేసుకుంటారు. కాలిఫోర్నియా నుంచో ఫ్లోరిడా నుంచో విమానం దిగి వచ్చిన మనిషికి ఇవన్నీ ఎవరు చెబుతారు? మామూలు ఆట మూడు గంటల్లో అయిపోతుంది. సూపర్ బౌల్‌కి హాఫ్‌టైమ్ కూడా పెద్దది, సెక్యూరిటీ తనిఖీల కోసం గంటల ముందే చేరాలి. దానితో మొత్తం ఏడెనిమిది గంటలు బయటే.

కూర్చునే వాళ్ళకి ఇల్లుంది. గేటు దగ్గర నిలబడి బ్యాగులు చూసేవాళ్ళకి, పార్కింగ్‌లో జెండా ఊపేవాళ్ళకి గంటకింత అని జీతం. వాళ్ళు చలేస్తోందని మధ్యలో వెళ్ళిపోలేరు. నాకు వాళ్ళ గురించే ఎక్కువ దిగులు.

గ్రీన్‌బే అభిమాని

అక్కా, మీ మాట కాదనను. కానీ ఈ ఆట చలిలోనే పెరిగింది. 1967కి ముందు లీగ్ ఫైనల్‌కి తటస్థ వేదిక అనే పద్ధతే లేదు, ఫైనల్ చేరిన రెండు జట్లలో ఒకదాని ఊళ్ళో ఆడేవాళ్ళు. సూపర్ బౌల్ మొదలయ్యాక కూడా కొన్నేళ్ళు దానికి చేర్చే లీగ్ ఫైనల్ అలాగే ఆడారు. వాటన్నిటిలో అందరూ తలుచుకునేది 1967 డిసెంబర్ 31న మా లాంబో ఫీల్డ్‌లో జరిగిన ఐస్ బౌల్. సున్నాకి కింద 13 ఫారన్‌హీట్, అంటే సెల్సియస్‌లో సున్నాకి కింద 25. మైదానం కింద వేడి చేసే తీగలు వేశారు, అవి ఆ రోజు పనిచేయలేదు. నేల రాయిలా బిగిసిపోయింది. రిఫరీల ఇనుప విజిళ్ళు పెదవులకి అతుక్కుపోతే ఇక అరిచి ఆట నడిపించారు.

డాలస్ తరఫున బాబ్ హేస్, ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బంగారు పతకం గెలిచిన పరుగువీరుడు. బంతి తన వైపు రాదని తెలిసినప్పుడు చేతులు ప్యాంట్‌లో పెట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతులు చూసి మా ప్యాకర్స్‌కి ప్లే ఏమిటో తెలిసిపోయింది! చివరి నిమిషంలో మా బార్ట్ స్టార్ తానే బంతి పట్టుకుని దూరి గెలిపించాడు, 21-17. దాని తర్వాత మయామీలో వెచ్చగా జరిగిన సూపర్ బౌల్‌లోనూ మా జట్టే గెలిచింది. దాని స్కోరు ఎంతమందికి గుర్తుంది? ఐస్ బౌల్ స్కోరు ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు.

కాన్సస్ నర్సు

తమ్ముడూ, ఆ రోజే హాఫ్‌టైమ్‌కి వాయించాల్సిన బ్యాండు వాయిద్యాలు గడ్డకట్టి కార్యక్రమమే రద్దయింది. బ్యాండు పిల్లల్లో కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మీ ప్యాకర్స్ ఆటగాడు రే నిట్ష్కే కాళ్ళు ఫ్రాస్ట్‌బైట్‌తో దెబ్బతిన్నాయి. కథగా చెప్పుకోవడానికి బాగుంటుంది. మళ్ళీ జరగాలని కోరుకోకూడదు.

విశాఖ కుర్రాడు

అన్నలూ, నేను ఇక్కడ సోమవారం తెల్లవారుజామున 5 గంటలకు లేచి చూస్తాను. నాకు అర్థం కాని విషయం ఒకటుంది. క్రికెట్‌లో రాత్రి మంచు పడితే బంతి తడిసి బౌలర్ చేతికి పట్టు దొరకదు, టాస్ గెలిచినవాడిదే మ్యాచ్ అంటాం. అందరికీ కోపం వస్తుంది. చలి, గాలి, మంచు ఫుట్‌బాల్‌లోనూ అలా తేల్చేస్తే చాంపియన్ ఎవరో ఆట తేల్చినట్టా, వాతావరణం తేల్చినట్టా?

ఎడిసన్ నాన్న

మంచి ప్రశ్న తమ్ముడూ. క్రికెట్‌తో ఒక తేడా ఉంది. ఇక్కడ ఆటలోని ప్రతి సగానికీ మధ్యలో రెండు జట్లూ వైపులు మారతాయి. గాలి ఎదురైతే ఇద్దరికీ ఎదురవుతుంది. టాస్‌తో మ్యాచ్ పోవడం అనేది అంతగా ఉండదు.

అయితే పాస్‌ల మీద బతికే జట్టుకి చలి నష్టమే, అది ఒప్పుకుంటాను. చలికి బంతిలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, తోలు గట్టిపడుతుంది, వేళ్ళు సరిగా మడవవు. కానీ 2014 సంగతే చూడు. డెన్వర్ ఆ సీజన్‌లో 606 పాయింట్లు కొట్టింది, అప్పటిదాకా ఏ జట్టూ అన్ని కొట్టలేదు. చలి వస్తే డెన్వర్‌కి బంతి విసిరే పేటన్ మానింగ్ పాస్‌లు పాడవుతాయని అందరూ టెన్షన్ పడ్డారు. చలి రాలేదు, గాలీ లేదు. మొదటి ప్లేలోనే బంతి మానింగ్ తల మీదుగా వెళ్ళిపోయి సియాటిల్‌కి 2 పాయింట్లు. చివరికి 43-8. డెన్వర్‌ని ఓడించింది సియాటిల్ డిఫెన్సే.

ఇంకో ఉదాహరణ. 1982 జనవరి 10న సిన్సినాటిలో సున్నాకి కింద 9 ఫారన్‌హీట్‌లో బెంగాల్స్ శాన్ డియెగోని 27-7తో ఓడించి ఫైనల్ చేరింది. రెండు వారాల తర్వాత ఫైనల్ మిచిగన్ రాష్ట్రంలోని పాంటియాక్‌లో, కప్పు కింద. అక్కడ 49ఎర్స్ చేతిలో 26-21తో ఓడింది. ఫైనల్‌కి చేర్చే ఆటలు ఎంత చలిలోనైనా ఆడొచ్చట. వాటిలో గెలిచి వచ్చిన జట్టు ఫైనల్ మాత్రం హాయిగా గదిలో ఆడాలట. వాతావరణం అన్యాయమే అయితే జనవరి అంతా అన్యాయమే కదా!

డాలస్ వాసి

అదే పాంటియాక్ ఆటలో 49ఎర్స్ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. కోచ్ బిల్ వాల్ష్, సగం జట్టు అందులోనే. రోడ్ల మీద ఐసు ఉంది, దానికి తోడు ఉపాధ్యక్షుడు బుష్ కాన్వాయ్ కోసం దారి ఆపారు. స్టేడియానికి కప్పు ఉన్నంత మాత్రాన రోడ్డుకి కప్పు ఉండదు. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

మిన్నెసోటా కోడలు

ఎడిసన్ గారూ, రైళ్ళ సంగతి మీరు దాటేశారు. 2014లో పార్కింగ్ చాలా తగ్గించి జనాన్ని రైలెక్కమన్నారు. అనుకున్నదానికి రెండింతలు వచ్చారు. సెకాకస్ స్టేషన్‌లో ఉక్కపోతకి కొందరు కళ్ళు తిరిగి పడిపోయారు. ఆట అయ్యాక స్టేడియం నుంచి బయటపడటానికి గంటలు పట్టింది. అది చలి లేని రాత్రి. మర్నాడు పొద్దున్నే మంచు తుఫాను మొదలై విమానాలు వరసగా రద్దయ్యాయి. ఆ తుఫాను 12 గంటలు ముందు వచ్చి, ఆ జనమంతా ప్లాట్‌ఫాం మీద, ఆరుబయట నిలబడి ఉంటే? మీ ఊరు గట్టెక్కింది అదృష్టం వల్ల. దాన్ని రుజువుగా చూపించకండి.

ఎడిసన్ నాన్న

రైళ్ళ విషయంలో మీ మాట సరైనదే. నేను దాన్ని తక్కువ చేసి చూశాను. ఆ మర్నాడు నేనే వాకిట్లో మంచు ఎత్తిపోశాను, అప్పుడు ఆ 12 గంటల తేడా గురించి ఆలోచించలేదు.

బఫెలో గురించి కూడా ఒకటి ఒప్పుకోవాలి. 2024 జనవరిలో స్టీలర్స్‌తో ప్లేఆఫ్ ఆటని తుఫాను వల్ల ఆదివారం నుంచి సోమవారానికి జరిపారు. అభిమానులే పారలు పట్టుకుని సీట్ల మీది మంచు తోశారు. ఆ ఊరి మీద నాకున్న ప్రేమ అంతా అలాంటి వాటి వల్లే. కానీ సూపర్ బౌల్‌కి దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్ళ విమానాలు, హోటళ్ళు అన్నీ ఒక రోజు జరపడం సాధ్యం కాదు. కాబట్టి బఫెలో, గ్రీన్‌బే నా జాబితాలోంచి తీసేస్తున్నాను. రాసేటప్పుడు మనసు బాధపడింది.

ఆ 50 డిగ్రీల గీత మాత్రం తప్పే అంటాను. దాని వల్ల సియాటిల్‌కి కూడా అవకాశం లేకుండా పోయింది. అక్కడ ఫిబ్రవరిలో గడ్డకట్టే చలి అరుదు, మధ్యాహ్నం 50 దాకా వస్తుంది. స్టేడియంలో దాదాపు 70 శాతం సీట్ల మీద కప్పు ఉంది. పక్కనే రైల్వే స్టేషన్, నడిచే దూరంలో లైట్ రైల్. ఇంతవరకూ ఒక్క సూపర్ బౌల్ కూడా ఇవ్వలేదు. చలికి 20 ఫారన్‌హీట్ దగ్గర గీత గీయండి, దానితో పాటు జనం ఎంతసేపట్లో బయటపడతారో లెక్క అడగండి. అప్పుడు సియాటిల్ ముందు వరసలో ఉంటుంది.

కాన్సస్ నర్సు

గేటు దగ్గర పనిచేసేవాళ్ళకి గంటకోసారి వెచ్చని గదిలో విరామం, అది కూడా జీతంతో, షరతుల్లో రాయిస్తే సియాటిల్‌కి నేనూ ఓటేస్తాను.

విశాఖ కుర్రాడు

సియాటిల్‌లో ఎప్పుడూ వాన అంటారు కదా అన్నా?

గ్రీన్‌బే అభిమాని

2007లో మయామీలో ఆట మొదటి నుంచీ వానే తమ్ముడూ. షరతు ప్రకారం అది వెచ్చని ఊరే. బంతి ఎన్నిసార్లు చేజారిందో వీడియో చూడు. ప్రిన్స్ ఆ వానలోనే హాఫ్‌టైమ్ పాడాడు. ఆ తర్వాత మయామీకి ఇవ్వకూడదని ఎవరూ అనలేదు, 2010లో అక్కడే జరిగింది, 2020లోనూ జరిగింది.