పేషెంట్ ‘బ్రాట్ అప్’ అంటే నాకు అర్థం కాలేదు. ఈ చిన్న చిన్న మాటలు నేర్చుకునే దారేంటి?

నైట్‌డ్యూటీ:
మాది ఖమ్మం దగ్గర పల్లె. ఇంగ్లండ్‌లో, ఉత్తరం వైపు ఊళ్లో, ఎముకల వార్డులో నర్సుగా చేరి ఐదు నెలలైంది. ఓఈటీలో (నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) నాలుగు పేపర్లలోనూ మంచి గ్రేడే వచ్చింది. ఇంగ్లిష్ వచ్చనే ధైర్యంతోనే విమానం ఎక్కాను.

పోయిన వారం తెల్లవారుజామున నాలుగింటికి, తుంటి ఆపరేషన్ అయిన పెద్దావిడ మంచం పక్క నుంచి వెళ్తుంటే పిలిచి, “ఐ బ్రాట్ మై టీ అప్, లవ్” అంది. ఎవరో టీ తెచ్చి ఇచ్చారని చెబుతోందనుకున్నాను. “ఓ, గుడ్” అని నవ్వి, పక్క మంచం దగ్గర సెలైన్ చూడటానికి వెళ్లిపోయాను. ఏడింటికి హ్యాండోవర్‌లో పగటి సిస్టర్ ఆవిడ బల్ల మీదున్న బూడిదరంగు అట్ట గిన్నె చూపించి “వాంతి ఎప్పుడైంది? చార్ట్‌లో లేదే?” అని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు. ఇక్కడ ‘టీ’ అంటే సాయంత్రం భోజనం. ‘బ్రాట్ అప్’ అంటే కక్కుకోవడం. అవసరమైతే ఇమ్మని వాంతుల మందు రాసే ఉంది. మూడు గంటలు ఆవిడ ఊరికే బాధపడింది. ఆ సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

‘వామిట్’ అంటే తెలుసు, ‘నాసియా’ అంటే తెలుసు. పేషెంట్లు ఆ మాటలు వాడరు. “ఐ హావ్ గాన్ ఆఫ్ మై ఫుడ్” అంటారు, “ఐ కేమ్ ఓవర్ డిజ్జీ” అంటారు. గో, కమ్, బ్రింగ్, పుట్: ఒకటో క్లాసు మాటలే అన్నీ. వెనక అప్పో ఆఫో ఓవరో తగిలేసరికి ఏదో అయిపోతుంది. కోచింగ్‌లో ఇచ్చిన మూడొందల ఫ్రేజల్ వర్బ్‌ల జాబితా ఉంది నా దగ్గర. రెండుసార్లు బట్టీపట్టాను, నిలవలేదు. వేరే దారి ఉందా?

పాత మాస్టారు:
అమ్మా, ముప్పై రెండేళ్లు జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పాను. ముందు ఆ జాబితా పక్కన పెట్టెయ్.

ఇప్పుడు నేను ‘పక్కన పెట్టెయ్’ అన్నాను కదా, నీకు వెంటనే అర్థమైంది. ఎలా? ‘పెట్టు’ వెనక ‘ఎయ్’ చేరితే ఏమవుతుందో నీకెవరూ జాబితా ఇవ్వలేదు. ‘కొట్టు’ తీసుకో. వెనక ‘వేయు’ చేర్చు. “బస్సులో పర్సు కొట్టేశాడు” అంటే దొంగతనం. “హైకోర్టు కేసు కొట్టేసింది” అంటే చెల్లదంది. “ఆ లైను కొట్టెయ్” అంటే గీత గీసి తీసెయ్యమని. మూడుచోట్లా ఎవరినీ కొట్టలేదు. తెలుగు నేర్చుకునే పరాయివాడికి ఇది ఎంత కష్టమో, మనకు ‘బ్రాట్ అప్’ అంతే కష్టం. ‘చూడు’ సంగతీ అంతే. “అమ్మను చూసుకో” అంటే లుక్ ఆఫ్టర్. “మంచి ఇల్లుంటే చూసిపెట్టు” అంటే ఇంచుమించు లుక్ అవుట్ ఫర్. అసలు క్రియ ముందు, అర్థాన్ని తిప్పే చిన్న మాట వెనక. ఇంగ్లిష్ వాడు ఆ పని అప్, ఆఫ్, అవుట్‌లతో చేస్తాడు. మనం వేయు, పోవు, పెట్టు, కొను, పడులతో చేస్తాం. నీకు కొత్తది కాదమ్మా ఇది. చిన్నప్పటి నుంచీ చేస్తున్నదే.

ఇంగ్లిష్ వాళ్లకూ ఇది తెలుసు. శామ్యూల్ జాన్సన్ 1755లో వేసిన నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనక చిన్న మాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతి పరదేశులకు అన్నిటికన్నా ఎక్కువ కష్టమని రాశాడు. ‘ఫ్రేజల్ వర్బ్’ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది మాత్రం 1925 నాటి లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో.

నీ ఓఈటీకీ ఆ పెద్దావిడకూ ఎందుకు కుదరలేదంటే, 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక చదువుల మాటలూ కోర్టు మాటలూ ఫ్రెంచి నుంచి, లాటిన్ నుంచి వచ్చి పడ్డాయి. ‘వామిట్’ ఆ జాతిది. వంటింట్లో, మంచం మీద మాత్రం పాత చిన్న క్రియలే మిగిలాయి. మన దగ్గరా వైద్య గ్రంథంలో ‘వమనం’, ఇంట్లో “పిల్లాడు కక్కుకున్నాడు”. నొప్పిలో ఉన్న మనిషికి ఇంటి మాటే నోటికొస్తుంది.

అందుకని నువ్వు చెయ్యాల్సిందల్లా, మంచం దగ్గర విన్నది విన్నట్టు చిన్న పుస్తకంలో రాసుకోవడం. పక్కన ఇంగ్లిష్ అర్థం రాయకు, మీ అమ్మ ఆ మాటను ఎలా అంటుందో రాయి. ‘గాన్ ఆఫ్ మై ఫుడ్’: అన్నం సయించడం లేదు. ‘కేమ్ ఓవర్ డిజ్జీ’: ఉన్నట్టుండి కళ్లు తిరిగాయి. ‘పాస్డ్ అవుట్’: స్పృహ తప్పింది. ‘కేమ్ రౌండ్’: తేరుకుంది. ‘వోర్ ఆఫ్’: మత్తు దిగిపోయింది. చూశావా, ‘దిగిపోయింది’లో ఆ ‘పోయింది’ చేసే పనే ‘ఆఫ్’ చేస్తోంది. ‘ఈట్ అప్’, ‘డ్రింక్ అప్’లోని అప్ మన తినెయ్, తాగెయ్‌లోని ‘ఎయ్’ లాంటిది, మిగల్చకుండా అని.

మాట ఎక్కడ పెట్టాలన్నది ఇంకొకటి. “టేక్ ఆఫ్ యువర్ సాక్స్” అనొచ్చు, “టేక్ యువర్ సాక్స్ ఆఫ్” అనొచ్చు. సాక్స్ బదులు ‘దెమ్’ వస్తే మాత్రం మధ్యలోనే: “టేక్ దెమ్ ఆఫ్”. కానీ “లుక్ ఆఫ్టర్ హర్” అనాలి, “లుక్ హర్ ఆఫ్టర్” కుదరదు, అక్కడ ఆఫ్టర్ ‘హర్’ను పట్టుకుని ఉంటుంది, మన ‘ఆమె కోసం’లో ‘కోసం’ ఆమెను పట్టుకున్నట్టు. ఎలా తెలుస్తుందంటావా? చెవికి. “టేక్ దెమ్ ఆఫ్”లో ‘ఆఫ్’ను ఒత్తి పలుకుతారు. “లుక్ ఎట్ హర్” లాంటి వాటిలో ‘లుక్’ మీద ఒత్తు పడుతుంది. ఆవిడ “బ్రాట్ మై టీ అప్” అన్నప్పుడు ‘అప్’ గట్టిగా పలికే ఉంటుంది, గుర్తు తెచ్చుకో.

లెస్టర్ అక్క:
మాస్టారు చెప్పింది చాలా బాగుంది, ఒక్కచోట జాగ్రత్త. అప్ అంటే ‘పూర్తిగా’ అని ప్రతిచోటా వేసుకుంటే దెబ్బతింటాం. ‘స్లో అప్’, ‘స్లో డౌన్’ రెండూ ఒకటే. ఫారం ‘ఫిల్ ఇన్’ చేసినా ‘ఫిల్ అవుట్’ చేసినా ఒకటే. ‘గో ఆఫ్’ ఇంకా ఘోరం: పాలు గో ఆఫ్ అయితే విరిగినట్టు, అలారం గో ఆఫ్ అయితే మోగినట్టు. ఇలాంటివి వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవడమే.

మన దగ్గర వాడేవి కొన్ని ఇక్కడ వేరేలా అర్థమవుతాయి చెల్లీ. నా మొదటి ఇంటర్వ్యూలో “ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2014” అన్నాను. ఎదుటాయన కంగారుగా “ఇప్పుడు ఆరోగ్యం బాగానే ఉందా?” అని అడిగాడు. ఇక్కడ సైన్యం, పోలీసు లాంటి చోట్ల శిక్షణ పూర్తయితే ఆ మాట వాడతారు. కాలేజీకైతే ‘గ్రాడ్యుయేటెడ్’ అను. ‘కోప్ అప్ విత్’లో అప్ ఉండదు, ‘డిస్కస్ అబౌట్’లో అబౌట్ ఉండదు. ఇంకొకటి, అర్థం కాకపోతే అడిగెయ్. “సారీ, వాట్ డు యు మీన్?” అంటే ఏ పేషెంటూ చిన్నబుచ్చుకోలేదు నా పదేళ్లలో.

నైట్‌డ్యూటీ:
మాస్టారూ, నిజమే. ‘అప్’ను సాగదీసి మరీ అంది ఆవిడ. నేనే ‘టీ’ దగ్గర ఆగిపోయాను. ఆవిడకు సారీ చెప్పాను. చెయ్యి పట్టుకుని, ఇంకెప్పుడైనా అర్థం కాకపోతే రెండోసారి చెప్పించుకోమంది.

మూడు రాత్రుల్లో పుస్తకంలో పదకొండు మాటలయ్యాయి. పక్కన అమ్మ మాటలు రాస్తుంటే అమ్మ వార్డులో నాతో ఉన్నట్టే ఉంది. అక్కా, నీ మాట కూడా పాటిస్తున్నా, నిన్న రెండుసార్లు అడిగాను.

ఒకటి మాత్రం తేలలేదు. ఈ ఉదయం ఫిజియో నడిపిద్దామని వస్తే అదే పెద్దావిడ “ఐ డోంట్ ఫీల్ అప్ టు ఇట్” అంది. ఇష్టం లేదనా, చేతకాదనా? చార్ట్‌లో ‘రిఫ్యూజ్డ్’ అని రాయబోయి ఆగాను.

పాత మాస్టారు:
మంచిపని చేశావు. “ఓపిక లేదమ్మా” అంటోంది. రిఫ్యూజ్డ్ అని రాయకు. నొప్పి ఎలా ఉందో, రాత్రి నిద్రపోయిందో లేదో అడుగు. కాసేపాగి మళ్లీ లేపి చూడు.