లాబీయిస్టును ‘పైరవీకారు’ అనవచ్చా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద ఒక పాత వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను, చివర్లో 2016 ప్రస్తావన కూడా ఉంది. ‘లాబీయిస్టు’ అన్న చోటల్లా ‘పైరవీకారు’ అని రాసుకుంటూ పోయాను. చదవడానికి హాయిగానే ఉంది. అయితే ఒకచోట ‘రిజిస్టరైన పైరవీకార్లెవరూ తన ప్రచార బృందంలో ఉండకూడదని మెకెయిన్ నిర్ణయించారు’ అని వచ్చేసరికి చెయ్యి ఆగింది (మెకెయిన్ ఆ ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి). పేరు రిజిస్టర్ చేయించుకునే పైరవీకారు ఎవరుంటారండీ? ఇంతకంటే మంచి మాట ఉంటే పెద్దలు చెప్పాలి.

జవాబు:

అమ్మా, మీ చెయ్యి ఆగాల్సిన చోటే ఆగింది.

పైరవీ పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. వెంట నడవడం, వదలకుండా వెంటపడటం దాని అసలు అర్థం. హిందీ వాళ్ళ కోర్టుల్లో ఇవాళ్టికీ వకీలు కేసు ‘పైరవీ’ చేస్తున్నాడంటే గౌరవంగా వాదిస్తున్నాడనే. తెలుగులో ఆ పరువు మిగల్లేదు. బదిలీ కోసమో, కాంట్రాక్టు కోసమో, పార్టీ టికెట్టు కోసమో ఎవరినో పట్టుకుని పని చక్కబెట్టించేవాడు మనకు పైరవీకారు. చాటుగా జరిగిందనీ, మధ్యలో ఏదో చేతులు మారిందనీ ఆ మాటే చెప్పేస్తుంది.

అమెరికా లాబీయిస్టుది చాటు వ్యవహారం కాదు. 1995 నాటి చట్టం కింద అతను పేరు నమోదు చేయించుకోవాలి. ఎవరి తరఫున, ఏ విషయం మీద, ఎంత సొమ్ముకు పనిచేస్తున్నాడో నివేదిక ఇవ్వాలి. 2007లో చట్టాన్ని బిగించాక ఆ నివేదిక మూడు నెలలకోసారి. విదేశీ ప్రభుత్వాల కోసం పనిచేసేవాళ్ళకు 1938 నుంచే వేరే చట్టం ఉంది. వీటన్నిటికీ వెనక వాళ్ళ రాజ్యాంగపు మొదటి సవరణ ఉంది: ప్రభుత్వానికి మొర పెట్టుకోవడం పౌరుల హక్కు. ఆ మొరను జీతం తీసుకుని వినిపించేవాడే లాబీయిస్టు. చమురు కంపెనీకీ ఉంటాడు, నర్సుల సంఘానికీ ఉంటాడు.

మీరు అనువదిస్తున్న ఎన్నికల్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2007 ఆగస్టులో షికాగోలో బ్లాగర్ల సభకు డెమోక్రాట్ అభ్యర్థులు వచ్చారు. లాబీయిస్టుల విరాళాలు ఇక మీదట కూడా తీసుకుంటారా అని హిల్లరీ క్లింటన్‌ను అడిగితే తీసుకుంటానన్నారు. మీకు నచ్చినా నచ్చకపోయినా వాళ్ళలో చాలామంది నిజమైన అమెరికన్లకే ప్రతినిధులు, నర్సులకూ సామాజిక కార్యకర్తలకూ కూడా ప్రతినిధులు అని సమర్థించుకున్నారు. సభలో గగ్గోలు పుట్టింది. రిజిస్టరైన లాబీయిస్టుల డబ్బు ముట్టనని చెప్పుకుంటున్న ఒబామా, ఎడ్వర్డ్స్ అదే వేదిక మీద ఉన్నారు. ఇప్పుడు ‘పైరవీకార్లు నర్సులకు కూడా ప్రతినిధులే’ అని రాసి చూడండి. హిల్లరీ తన నోటితోనే తను దోషినని ఒప్పుకున్నట్టుంటుంది. ఆమె మాటతో మనం ఏకీభవించక్కర్లేదు, కానీ అనువాదంలో ఆమె వాదన ఆమెకు దక్కాలి.

అందుకే ‘లాబీయిస్టు’ అనే ఉంచమంటాను. పత్రికలు చదివేవాళ్ళందరికీ తెలిసిన మాటే. (గ్రాంట్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు విల్లార్డ్ హోటల్ వసారాలో (ఇంగ్లీషులో ‘లాబీ’) అర్జీదారులు కాచుకుని ఉండేవారనీ, లాబీయిస్టు అన్న మాట అక్కడే పుట్టిందనీ ఒక కథ తిరుగుతూ ఉంటుంది. గ్రాంట్ గద్దెనెక్కింది 1869లో. మాట అంతకు ముందు నుంచే వాడుకలో ఉంది. ఆ కథ మీ వ్యాసంలో ఉంటే తీసేయండి.)

వ్యాఖ్య (వరంగల్ నుంచి):

సార్, నాకొక అభ్యంతరం. మీ లెక్కన రిజిస్టర్‌ల పేరున్నోడు మంచోడైపోతడా? ‘లాబీయిస్టు’ అంటే ఏదో ఉద్యోగం పేరులెక్క ఉన్నది, దాన్ల తప్పే వినవడదు. పైరవీ అంటే మా దగ్గర చిన్నపిల్లకు సుత సమజైతది. 2008ల మెకెయిన్ చుట్టూ ఉన్నోళ్ళంతా వాళ్ళేనాయె. గట్లాంటప్పుడు కడిగేసిన మాట ఎందుకు?

జవాబు:

తమ్ముడూ, బాగా అడిగావు. నమోదైతే మంచివాడని నేననలేదు. తప్పు మరోచోట ఉంది, ‘పైరవీ’ అన్న మాట మన చూపును అక్కడికి పోనివ్వదు. అదే నా బాధ.

చార్లీ బ్లాక్‌నే తీసుకో. మెకెయిన్‌కు ముఖ్య సలహాదారు, బీకేఎస్‌హెచ్ అనే లాబీయింగ్ సంస్థకు ఛైర్మన్. 2008 మొదట్లో రెండు పనులూ కలిసే నడిచాయి. మెకెయిన్ ప్రచార బస్సుకు ‘స్ట్రెయిట్ టాక్ ఎక్స్‌ప్రెస్’ అని పేరు. ఆ బస్సులో కూర్చునే ఫోన్ మీద తన లాబీయింగ్ పని చాలావరకు చేసుకుంటున్నానని బ్లాకే పత్రికకు చెప్పాడు. దాచలేదు, దాచాల్సిన అవసరం కూడా అతనికి కనపడలేదు. మార్చి చివర్లో సంస్థ నుంచి తప్పుకున్నాడు.

ఆ బీకేఎస్‌హెచ్ ఎవరిదో తెలుసా? బర్సన్ మార్స్‌టెలర్ అనే పెద్ద ప్రచార సంస్థకు అనుబంధం. ఆ బర్సన్ మార్స్‌టెలర్‌కు అధిపతి మార్క్ పెన్. ఈ పెన్ హిల్లరీ క్లింటన్‌కు ప్రధాన వ్యూహకర్త! ఒకే ఇంటి మనుషులు రెండు పార్టీల శిబిరాల్లోనూ తలపాగా చుట్టుకుని కూర్చున్నారు. 2008 మార్చి 31న పెన్ కొలంబియా రాయబారిని కలిశాడు. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం గట్టెక్కించుకోవడానికి కొలంబియా అతని సంస్థను పెట్టుకుంది. హిల్లరీ అదే ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ కార్మికుల ఓట్లు అడుగుతున్నారు. వార్త బయటికి రాగానే పెన్ పొరపాటైందన్నాడు. ఆ మాటకు నొచ్చుకుని కొలంబియా సంస్థను వదులుకుంది, ఏప్రిల్ 6న పెన్ వ్యూహకర్త పదవీ పోయింది.

ఇందులో లంచం ఎక్కడుంది చెప్పు? ఎవరూ ఎవరి చేతిలోనూ కవరు పెట్టలేదు. పొద్దున అభ్యర్థికి సలహా చెప్పే నోరే మధ్యాహ్నం కక్షిదారుకు సలహా చెబుతోంది, రెండు చోట్లా ఫీజు ముడుతోంది. నన్ను భయపెట్టేది అది. ‘పైరవీ’ అని రాస్తే పాఠకుడు కవరు కోసం వెతుకుతాడు, దొరక్క ‘ఇంతేనా’ అనుకుని పేజీ తిప్పేస్తాడు.

ఇంకా గట్టి ఉదాహరణ జార్జియాది (అమెరికా రాష్ట్రం కాదు, రష్యా పొరుగు దేశం). మెకెయిన్ విదేశాంగ సలహాదారు ర్యాండీ షూనెమన్‌కు ఓరియన్ స్ట్రాటజీస్ అనే సంస్థలో వాటా ఉంది. అది జార్జియా ప్రభుత్వం కోసం పనిచేసేది. 2008 ఏప్రిల్ 17న జార్జియా అధ్యక్షుడితో మెకెయిన్ ఫోన్‌లో మాట్లాడారు. ఆ సంభాషణకు మెకెయిన్‌ను సిద్ధం చేసింది షూనెమనే. అదే రోజు ఓరియన్‌కు జార్జియాతో 2,00,000 డాలర్ల కొత్త ఒప్పందం కుదిరింది. అతను అంతకు ముందే లాబీయింగ్ మానేశాడని ప్రచార బృందం వాదించింది. సంస్థలో వాటా మాత్రం అలాగే ఉంది. ఆగస్టులో రష్యాతో యుద్ధం రాగానే ‘ఇవాళ మనమంతా జార్జియన్లమే’ అన్నారు మెకెయిన్. ఆయన నమ్మే అన్నారనుకుంటాను, రష్యా మీద ఆయన అభిప్రాయం పాతదే. కానీ ఆ మాటలో సలహాదారు వాటా ఎంతో, కక్షిదారు వాటా ఎంతో విడదీసి చెప్పగలవాళ్ళెవరు?

మే నెల మెకెయిన్‌కు గడ్డు నెల. పార్టీ మహాసభ నిర్వహణ అప్పగించిన డగ్ గుడ్‌ఇయర్ సంస్థ 2002లో బర్మా సైనిక ప్రభుత్వం తరఫున పనిచేసి 3,48,000 డాలర్లు తీసుకుందని తేలింది. అప్పుడే నర్గీస్ తుపాను బర్మాను ఊడ్చేసింది, సైనిక పాలకులు బయటి సాయాన్ని అడ్డుకుంటున్నారు. గుడ్‌ఇయర్ తప్పుకున్నాడు. వారం తిరక్కుండానే లాబీయిస్టుల మీద కొత్త నిబంధన వచ్చింది, నిధుల సేకరణ చూసే టామ్ లోఫ్లర్ కూడా వెళ్ళిపోయాడు. అమ్మాయిగారు పైన అడిగిన వాక్యం ఆ నిబంధన గురించినదే.

ఒకటి మరిచిపోకూడదు. జాక్ అబ్రమాఫ్ అనే లాబీయిస్టు ఆదివాసీ తెగలను దోచుకున్న వ్యవహారాన్ని సెనేట్‌లో తవ్వి తీసింది ఈ మెకెయినే. అలాంటి మనిషి బస్సులోనే ఇది జరిగింది. అందుకే దీన్ని ఒక చెడ్డవాడి కథగా రాయకండి.

వ్యాఖ్య (డాలస్ నుంచి):

అన్నయ్యా, ఒక చిన్న సంగతి. 2008 నాటి మన అణు ఒప్పందం కోసం భారత ప్రభుత్వమే ఇక్కడ లాబీయింగ్ సంస్థను పెట్టుకుంది కదా. మేమంతా అప్పుడు సంతోషించాం. దాన్ని ఏ తెలుగు పత్రికా ‘పైరవీ’ అన్న గుర్తు నాకు లేదు. ఇంకొకటి, ‘బండ్లర్’ అన్న మాటకు తెలుగేమిటి? ఇక్కడ మన సంఘాల విందుల్లో ఎన్నికలప్పుడు తరచు వినబడుతుంది.

జవాబు:

తమ్ముడూ, నువ్వన్న సంస్థ బార్బర్ గ్రిఫిత్ అండ్ రోజర్స్. అందులో మన పని చూసినవాడు రాబర్ట్ బ్లాక్‌విల్. 2001 నుంచి 2003 దాకా ఢిల్లీలో అమెరికా రాయబారి. నిన్నటిదాకా మన దగ్గర వాళ్ళ రాయబారి, తర్వాత వాళ్ళ దగ్గర మన తరఫుదారు. ఒప్పందానికి 2008 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ ఆమోదం దొరికింది. మనకు మేలు చేస్తే లాబీయింగ్, ఇంకొకడికి చేస్తే పైరవీ అనేటట్టయితే అది అనువాదం కాదు, పక్షపాతం. ‘తరఫుదారు’ అని ఇప్పుడు నా నోట అలవోకగా వచ్చింది చూశారా, వ్యాసంలో లాబీయిస్టు మొదటిసారి వచ్చిన చోట ‘నమోదైన తరఫుదారు’ అని ఒక్క వివరణ ఇస్తే పాఠకుడికి దారి దొరుకుతుంది.

బండ్లర్ సంగతి. 2008లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 2,300 డాలర్లకు మించి ఇవ్వకూడదు. ప్రాథమిక ఎన్నిక ఒకటి, అసలు ఎన్నిక ఒకటి. ఎంత పెద్ద లాబీయిస్టయినా తన జేబులోంచి అంతే. అందుకని స్నేహితుల, కక్షిదారుల, కంపెనీ అధికారుల చెక్కులు పోగుచేసి ఒక్క కట్టగా అందిస్తాడు. అభ్యర్థికి గుర్తుండేది చెక్కు మీది పేరు కాదు, కట్ట తెచ్చినవాడి పేరు. బుష్ 2000లో లక్ష డాలర్లు పోగుచేసినవాళ్ళకు ‘పయొనీర్’ అనీ, 2004లో రెండు లక్షలు తెచ్చినవాళ్ళకు ‘రేంజర్’ అనీ బిరుదులే ఇచ్చాడు. 2007 చట్టం వచ్చాక లాబీయిస్టులు ఇలా కట్టగట్టి తెచ్చింది ఆరు నెలల్లో ఒక పరిమితి (మొదట్లో అది 15,000 డాలర్లు) దాటితే అభ్యర్థి బయటపెట్టాలి. లాబీయిస్టు కానివాడు తెస్తే ఆ నియమం లేదు.

‘చందాల సేకర్త’ అంటే గణపతి పందిరికి వసూలు చేసేవాడిలా ఉంటుంది. నాకు ‘చందాల మోపుదారు’ నచ్చుతుంది, కట్టెల మోపు, గడ్డి మోపు అంటాం కనక. పలుకుతుందో లేదో మీరే చెప్పాలి. మీ విందుల్లో హెచ్-1బీ మీద ఉన్న కుర్రాళ్ళకు ఒక మాట చెప్పు: గ్రీన్ కార్డు ఉంటే విరాళం ఇవ్వొచ్చు, వీసా మీద ఉన్నవాళ్ళు ఇవ్వకూడదు. మోపు కట్టేవాళ్ళు ఈ సంగతి అడగకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

మాస్టారూ, అయితే ‘పైరవీకారు’ను నా వ్యాసంలోంచి పూర్తిగా తీసేయనా? మనసొప్పడం లేదు.

జవాబు:

పూర్తిగా వద్దమ్మా. వ్యాసం చివర్లో 2016 ప్రస్తావన ఉందన్నారు కదా, అక్కడ ఉంచండి. చార్లీ బ్లాక్ 1980లలో ఎవరితో కలిసి సంస్థ నడిపాడో తెలుసుగా, పాల్ మానఫర్ట్. తర్వాత అదే మానఫర్ట్ రిక్ డేవిస్‌తో కలిసి ఇంకో సంస్థ పెట్టాడు. ఆ డేవిస్ 2008లో మెకెయిన్ ప్రచార సారథి. మానఫర్ట్ 2016లో ట్రంప్ ప్రచారానికి ఛైర్మన్ అయ్యాడు, యుక్రెయిన్ వ్యవహారాల మీద వార్తలు ముసురుకున్నాక ఆగస్టులో తప్పుకున్నాడు. యుక్రెయిన్‌లో యనుకోవిచ్ అనే నాయకుడి పక్షం కోసం ఏళ్ళ తరబడి పనిచేస్తూ, ఆ పనిని 1938 చట్టం కింద నమోదు చేయించలేదు. ఆ కుట్రను 2018 సెప్టెంబరులో కోర్టులో ఒప్పుకున్నాడు. 2020 డిసెంబరులో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు.

డబ్బు తీసుకున్నాడు, ఇంకో దేశపు నాయకుడి పని చేశాడు, చాటుగా చేశాడు. అది పైరవీ. ఆ మాటను అంతదాకా దాచి అక్కడ వాడితే మన పాఠకుడికి తేడా చప్పున తెలుస్తుంది. పై వాక్యాన్ని మాత్రం ఇలా దిద్దుకోండి: ‘నమోదైన లాబీయిస్టులెవరూ తన ప్రచార బృందంలో పనిచేయకూడదని 2008 మేలో మెకెయిన్ నిబంధన పెట్టారు. అప్పటికే రాజీనామా చేసి వచ్చిన పాత లాబీయిస్టులకు అది వర్తించలేదు.’ రెండో వాక్యం మూలంలో లేకపోతే అడుగున గమనికగా అయినా చేర్చండి, లేకపోతే చార్లీ బ్లాక్ నవంబరు దాకా అక్కడే ఎలా ఉన్నాడో పాఠకుడికి అర్థం కాదు.