నాజీరు చేసింది పుణ్యమా, పాపమా?

పాతపుస్తకం: బైబిల్లో సంఖ్యాకాండము 6లో నాజీరు మొక్కుబడి ఉంది కదా, అంటే కొంత గడువు దేవుడికి ప్రత్యేకంగా ఉంటానని మొక్కుకోవడం. ద్రాక్షారసమే కాదు, ద్రాక్ష గింజ, తొక్క కూడా నోట్లో పెట్టకూడదు. తలకు మంగలికత్తి తగలకూడదు. కన్నతల్లి పోయినా శవం దగ్గరికి వెళ్లకూడదు. ఇంత నిష్ఠగా గడువు పూర్తిచేసినవాడు చివర్లో పాపపరిహారార్థ బలిగా ఏడాది ఆడ గొర్రెపిల్లను తేవాలట. ఏం పాపం చేశాడని?

కొండగాలి: దేవుడు తాగమని ఇచ్చినదాన్ని వద్దనడమే పాపం. నా సొంత మాట కాదు, తల్మూదులో (యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం) రబ్బీ, అంటే యూదు గురువు, ఎలాజార్ హకప్పార్ అన్నదే. ద్రాక్షారసం ఒక్కటి మానినవాడే పాపి అయితే, అన్నీ మానేసి ఒళ్లు మాడ్చుకునేవాడి సంగతేంటి అంటాడాయన.

మూడోపేజీ: ఆయన ఎత్తిచూపింది సంఖ్యాకాండము 6లో నాజీరు పాపం చేశాడనే మాట ఉన్న 11వ వచనం. అది పక్కనున్న మనిషి హఠాత్తుగా చనిపోవడంతో మైలపడ్డ నాజీరు గురించి. వాడు ఏడో రోజు తల గొరిగించుకుని, ఎనిమిదో రోజు రెండు పక్షులు తెచ్చి, రోజుల లెక్క మళ్లీ మొదలుపెట్టాలి. సక్రమంగా ముగించినవాడికి దాన్ని అంటగడతారా? లేవీయకాండము 12లో బిడ్డను కన్న తల్లి కూడా పాపపరిహారార్థ బలి తెస్తుంది. కనడం పాపమా? అది శుద్ధి కోసం, జరిమానా కాదు.

కొండగాలి: ఆ అభ్యంతరం తల్మూదులోనే ఉంది, జవాబూ ఉంది. మొక్కుకోవడం ఒక తప్పు, మైలపడటం దానిమీద ఇంకొకటి, అందుకే పాపం అనే మాట ఆ మైలపడ్డవాడి దగ్గర రాశారట. అదియాబెనె (మెసొపొటేమియా ఉత్తరాన ఒక పాత రాజ్యం) రాణి హెలెనా సంగతి చూడండి. కొడుకు యుద్ధం నుంచి క్షేమంగా వస్తే 7 ఏళ్లు నాజీరుగా ఉంటానంది. గడువు తీరి ఇశ్రాయేలు దేశానికొస్తే, ఇక్కడ మళ్లీ 7 ఏళ్లు ఉండాలన్నారు హిల్లేలు అనే గురువు వర్గంవాళ్లు. అది ముగిసే వేళకు మైలపడింది, ఇంకో 7. మొత్తం 21 అంటుంది మిష్నా, తల్మూదుకు మూలమైన ధర్మసూత్రాల గ్రంథం. (రబ్బీ యూదా లెక్కలో 14 మాత్రమే.) అవసరమా ఇదంతా?

నైట్‌డ్యూటీ: ఇద్దరూ బలిని పట్టుకుని కొట్టుకుంటున్నారు, వాడు ఎందుకు మొక్కాడో చూడరేం? ప్రధాన యాజకుడు నీతిమంతుడైన షిమోను, మైలపడ్డ నాజీరుల బలిమాంసం ముట్టేవాడు కాదు. ఆవేశంలో మొక్కేసి, రోజులు పెరిగేసరికి లబోదిబోమనే బాపతని ఆయన అనుమానం. ఒక్కడికే మినహాయింపు. దక్షిణాది నుంచి వచ్చిన అందగాడు, ఒత్తుగా ఉంగరాల జుట్టు. ఇంత జుట్టు ఎందుకు తీయించుకుంటున్నావని అడిగితే, "గొర్రెలు కాసుకుంటాను. నీళ్లు తోడబోయి నా నీడ చూసుకున్నాను. గర్వం నన్ను మింగేలా ఉంది. దేవుడి కోసం గొరిగించేస్తానని ఒట్టేసుకున్నాను" అన్నాడట. షిమోను వాడి తల ముద్దు పెట్టుకున్నాడు. నాకైతే ఈ గొర్రెల కాపరి ముందు మీ వచనాల లెక్కలన్నీ దిగదుడుపే.

మూడోపేజీ: కథ బాగుంది, ఖర్చు మాటేమిటి? మగ గొర్రెపిల్ల, ఆడ గొర్రెపిల్ల, పొట్టేలు, గంపెడు పొంగని రొట్టెలు. పేదవాడు మొక్కుకోగలడు గానీ ముగించలేడు. అపొస్తలుల కార్యములు 21లో మొక్కుబడి ఉన్న నలుగురి ఖర్చు నువ్వు పెట్టుకో అని పౌలుకు చెప్పారు. పాపానికి ఎవరైనా చందాలిస్తారా? ఆమోసు 2లో నాజీరులకు ద్రాక్షారసం తాగించారని దేవుడే నిలదీశాడు. కొండగాలి గారు దీనికేమంటారు?

కొండగాలి: తాగించినవాళ్లది తప్పే. మొక్కినవాణ్ణి చెడగొట్టడం వేరు, పోయి మొక్కుకో అనడం వేరు. మధ్యయుగపు యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ ఒకచోట ఈ మానుకోవడాన్ని తిట్టి, తన గ్రంథంలోని నాజీరు చట్టాల చివర్లో మెచ్చుకున్నాడు. ముందు ఆయన్ని తేల్చుకోమనండి, తర్వాత నా దగ్గరికి రండి.