ఓట్లు చీలాయా, చీల్చారా, పంచుకున్నారా?

ఫ్రీమాంట్ నుంచి, మొదటి పోస్టు:

ఇక్కడి అమెరికా ఎన్నికల గురించి మా ఊళ్లోని తెలుగు పెద్దవాళ్లకు అర్థమయ్యేలా ఒక చిన్న పుస్తకం తయారుచేస్తున్నాం. అనువాదం నా నెత్తిన పడింది. అంతా అయిపోయింది గానీ ఒక్క వాక్యం దగ్గర మూడు రోజులుగా బండి కదలడం లేదు. "2016 రిపబ్లికన్ ప్రైమరీలో ఓట్లు చీలడంతో ట్రంప్ ముందుకు దూసుకుపోయారు" అని రాశాను. బాగానే ఉందనుకున్నా.

బాపట్ల నుంచి వచ్చిన మా మామయ్యగారు కళ్లజోడు నుదుటి మీదకు తోసి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివారు. "చీలాయంటే అంతకుముందు ఒక్కటిగా ఉండాలి కదమ్మా. ఎవరి ఓట్లు అవి?" అన్నారు.

"రిపబ్లికన్లవి మామయ్యగారూ."

"మరి గెలిచినాయనా రిపబ్లికనేగా? ఆయన ఓట్లు చీలకుండా మిగతావాళ్లవే చీలాయా?"

పోపు మాడుతోందని లేచి వెళ్లిపోయాను. పోపేమీ మాడలేదు, నాకే జవాబు తోచలేదు.

ప్రైమరీ అంటే తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. మన దగ్గర టికెట్ అధిష్ఠానం ఇస్తుంది, బీఫామ్ చేతికొచ్చేదాకా ఎవరికీ నిద్రపట్టదు. ఇక్కడ పార్టీ టికెట్ ఎవరికో జనమే ఓటేసి తేలుస్తారు. దీన్ని "ప్రాథమిక ఎన్నిక" అని రాస్తే నాకు బడి గుర్తొస్తోంది, అందుకే "టికెట్ ఎన్నిక" అని రాసుకున్నా. ఇది కూడా నచ్చకపోతే చెప్పండి, కానీ అసలు గొడవ "చీలడం" దగ్గర.

2016లో రిపబ్లికన్ టికెట్‌కు మొదట్లో పేరున్నవాళ్లే 17 మంది దిగారు. ఈ ఎన్నిక రాష్ట్రాలవారీగా జరుగుతుంది. ఫిబ్రవరి 9న న్యూహాంప్‌షైర్‌లో ట్రంప్‌కు 35 శాతం వచ్చాయి. కేసిక్‌కు 16 శాతం లోపు, క్రూజ్‌కు 12 లోపు, జెబ్ బుష్‌కు 11, రూబియోకు అంతకు కాస్త తక్కువ, క్రిస్టీకి 7 చిల్లర. పార్టీ పెద్దల మనుషులుగా పేరుపడ్డ కేసిక్, బుష్, రూబియో, క్రిస్టీ నలుగురివీ కలిపితే దాదాపు 45. విడిగా చూస్తే ట్రంప్ దరిదాపుల్లో ఒక్కరూ లేరు. (ఈ అంకెలు విన్న మామయ్యగారి మొదటి మాట: "మన దేశంలో అయితే ఒక్కాయనకు తప్ప అందరికీ డిపాజిట్ గల్లంతే." నిజమే. మన దగ్గర ఆరో వంతు దాటాలి, అంటే 16.67 శాతం. రెండో స్థానంలో ఉన్న కేసిక్ కూడా దాటలేదు.)

ఇప్పుడు చెప్పండి. ఆ 45 శాతం చీలిందా, ఎవరైనా చీల్చారా, నలుగురూ పంచుకున్నారా? లేక గండి పడిందా?

వరంగల్ నుంచి:

అక్కా, మా దగ్గర ఎవరైనా ఓడిపోతే రెండే మాటలు. ఓడినాయన గమ్మున ఉంటే "ఓట్లు చీలినయ్" అంటడు. కోపం మీదుంటే "ఫలానాయన నా ఓట్లు చీల్చిండు" అంటడు. మొదటి మాటల ఎవరి తప్పూ లేదు, దేవుడు చేసినట్టే. రెండో దాంట్ల ఒక ముద్దాయి ఉంటడు. మీ పుస్తకంల ముద్దాయి ఉన్నడా లేడా, ముందు అది తేల్చుకోండి.

రాజమండ్రి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

వరంగల్ తమ్ముడు ఒక్క ముక్కలో వ్యాకరణం చెప్పేశాడు. చీలు–చీల్చు, కాలు–కాల్చు, కూలు–కూల్చు, రాలు–రాల్చు. ఒకటి దానంతట అది జరిగేది, రెండోది ఎవరో చేసేది. ఇల్లు కాలిందంటే సానుభూతి, కాల్చారంటే పోలీసు కేసు.

ఇంకో సంగతి. చీలడం అన్ని వస్తువులకూ పట్టే మాట కాదు. కుండ పగులుతుంది, అద్దం బద్దలవుతుంది, తాడు తెగుతుంది, గుడ్డ చిరుగుతుంది. వెదురు చీలుతుంది, కట్టె చీలుతుంది, దారి చీలుతుంది, పాము నాలుక చీలి ఉంటుంది. అంటే పొడుగ్గా, ఒకే పోగుగా ఉన్నది రెండు పాయలవడం. అందుకే పార్టీ కూడా "చీలింది" అంటాం, "పగిలింది" అనం. మీ మామయ్యగారి ప్రశ్న సూటిగా ఇక్కడే తగిలింది. ఈ క్రియ వాడామంటే, అది మొదట ఒక్క వెదురు అని మనం ఒప్పుకున్నట్టే.

ఏకవచనం సంగతి కూడా గమనించండి. "ఓట్లు చీలాయి" అని బహువచనంలో అంటాం గానీ ఏ ఒక్కరి ఓటూ చీలదు, నా చీటీ నిక్షేపంగా ఒకరికే పడుతుంది. రాజకీయ నాయకులు తెలివిగా ఏకవచనం వాడతారు: "వ్యతిరేక ఓటు". లక్షల చీటీలు కలిసి ఒక్క ఓటైపోతాయి. అప్పుడది చీలుతుంది కూడా.

హైదరాబాద్ నుంచి, పత్రిక డెస్కులో పనిచేసే ఒకరు:

మాస్టారి ఏకవచనానికి ఉదాహరణ నా దగ్గరుంది. 2022 మార్చిలో ఇప్పటం సభలో పవన్ కల్యాణ్ వైసీపీ వ్యతిరేక ఓటు చీలనివ్వబోమన్నాక, రెండేళ్లపాటు మా డెస్కులో "చీలనివ్వం" అన్న మాట రాయని వారం లేదు. చీలనివ్వం! దానికి చీలాలనే ఉంది, మేము పట్టుకుని ఆపుతున్నాం అన్నట్టు. రాజకీయం ఎటున్నా, మాట మాత్రం భలే మాట.

2009లో దీనికి వ్యతిరేకం. కాంగ్రెస్ 156 సీట్లతో మళ్లీ వచ్చింది, ప్రజారాజ్యానికి 18 వచ్చాయి. ఆ పార్టీ ఎవరి ఓట్లు చీల్చిందని ఈ రోజుకీ మా క్యాంటీన్‌లో కొట్టుకుంటారు. "చీల్చింది" అన్న మాట అందరికీ ఒప్పుదలే, "ఎవరివి" అన్న దగ్గరే పేచీ.

ఇక గండి. ఫ్రీమాంట్ అక్కా, అది మీకు పనికిరాదు. చెరువుకు గండి పడితే నీళ్లు బయటికి పోతాయి. ఒక పార్టీ ఓటు బ్యాంకుకు ఇంకో పార్టీ గండి కొట్టిందంటాం. మీ ప్రైమరీలో నీళ్లన్నీ ఆ చెరువులోనే ఉన్నాయి కదా. ఎటు పోయినా రిపబ్లికన్ చెరువే.

అడ్మిన్:

మాట మీదే మాట్లాడండి, పార్టీల మీద వద్దు. 2009 క్యాంటీన్‌ను ఇక్కడికి తేవద్దు.

డాలస్ నుంచి:

అడ్మిన్ గారూ, నాది మాట మీదే. నేను ఆ 35 శాతం వైపు మనిషిని, ముందే చెప్పేస్తున్నా.

ఫ్రీమాంట్ మేడమ్ నలుగురి ఓట్లు కూడి 45 అన్నారు. కూడిక సరే. వాళ్లంతా ఒకటే వెదురు అని ఎవరు చెప్పారు? ఆ నలుగురిలో ఉన్న క్రిస్టీ న్యూహాంప్‌షైర్ అయిన మర్నాడే తప్పుకుని, నెల తిరక్కుండా ట్రంప్‌కే మద్దతు ప్రకటించారు. ఆ 17 మందిలోనే ఉన్న కార్సన్ కూడా మార్చిలో అదే పని చేశారు. నాయకులే అటు పోతే, వాళ్ల ఓటర్లంతా తప్పకుండా రూబియోకో కేసిక్‌కో వేసేవాళ్లని ఎలా అంటారు? క్రూజ్‌కు ఓటేసిన మా పక్కింటాయన రెండో ఇష్టం ట్రంప్. కాబట్టి "చీలాయి" అని రాస్తే అది వార్త కాదు, ఓడినవాళ్ల వాదన.

కానీ నిజాయితీగా ఇంకో వైపు కూడా చెబుతా. మా టెక్సాస్‌లో, అధ్యక్ష పదవికి తప్ప, టికెట్ ఎన్నికలో ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ పెడతారు, రనాఫ్ అంటారు. 2012 సెనేట్ టికెట్‌కు తొమ్మిది మంది. మొదటిసారి డ్యూహర్స్ట్‌కు 45 శాతం లోపు, క్రూజ్‌కు 34. అక్కడితో ఆపి ఉంటే డ్యూహర్స్టే. జులైలో మళ్లీ పెడితే క్రూజ్‌కు 57 శాతం దాకా వచ్చాయి. అంటే మొదటి విడతలో మిగతా ఏడుగురికి పడ్డ ఓట్లలో నిజంగానే క్రూజ్ వెదురు ఉంది. ఇక్కడ "చీలాయి" అంటే నేను ఒప్పుకుంటా, ఎందుకంటే తర్వాత అతుక్కున్నాయి కాబట్టి.

ఫ్రీమాంట్:

డాలస్ గారూ, "తర్వాత అతుక్కుంటేనే చీలినట్టు", ఇది నా నోట్సులో రాసుకున్నా.

అతికించాలని 2016లో కూడా చూశారు, కుదరలేదు. మార్చి 15కు ముందు రూబియో మనుషులు ఒహాయోలోని తమవాళ్లను కేసిక్‌కు వేయమన్నారు. బదులుగా ఫ్లోరిడాలో మావాళ్లు రూబియోకు వేస్తారని కేసిక్ వైపు నుంచి మాత్రం రాలేదు. కేసిక్ ఒహాయో గెలిచారు. ఫ్లోరిడాలో ట్రంప్ 46 శాతం లోపు ఓట్లతో 99 మంది డెలిగేట్లనూ (టికెట్ ఎవరికో పార్టీ సభలో ఓటేసే ప్రతినిధులు) పట్టుకుపోయారు, రూబియో ఆ రాత్రే తప్పుకున్నారు. ఏప్రిల్ చివర్లో మరీ తమాషా. ఇండియానా క్రూజ్‌కు, ఆరెగాన్, న్యూమెక్సికో కేసిక్‌కు అని ఇద్దరూ సీట్ల సర్దుబాటు లాంటిది ప్రకటించారు. మర్నాడే కేసిక్, ఇండియానాలోని తన ఓటర్లు తనకే వేయాలన్నారు. మన భాషలో దీనికి మాట సిద్ధంగా ఉంది: "స్నేహపూర్వక పోటీ".

అన్నట్టు మా కాలిఫోర్నియా కథ ఇంకా వింత. ఇక్కడ 2012 నుంచి, అధ్యక్ష పదవికి తప్ప, అన్ని పార్టీలవాళ్లూ ఒకే ప్రైమరీలో నిలబడతారు, మొదటి ఇద్దరే నవంబరుకు వెళతారు, ఇద్దరూ ఒకే పార్టీ అయినా సరే. ఆ ఏడాది శాన్ బెర్నార్డినో వైపు 31వ నియోజకవర్గంలో రిపబ్లికన్లు ఇద్దరు, డెమొక్రాట్లు నలుగురు. రిపబ్లికన్లకు 27, 25 శాతం. డెమొక్రాట్లలో ముందున్న అగిలార్‌కు 23 లోపు. నవంబరులో ఒబామాకు 57 శాతం ఇచ్చిన చోట, కాంగ్రెస్ సీటుకు బ్యాలెట్ మీద ఒక్క డెమొక్రాట్ పేరూ లేదు! ఇక్కడ మాత్రం "చీలింది" అనడానికి నాకు సందేహం లేదు. పార్టీ ఒకటే, నలుగురి జెండా ఒకటే. మామయ్యగారు దీనికి సామెత చెప్పారు: పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందట.

డాలస్:

సామెత బాగుంది. 2016కు మాత్రం వాడకండి. మీరు పిల్లి అనుకున్నాయన నాకు పిట్ట.

రాజమండ్రి మాస్టారు:

సామెతలో పిల్లి బయటి నుంచి వస్తుంది. టికెట్ ఎన్నికలో అందరూ ఒక గూటి పక్షులే. డాలస్ గారి అభ్యంతరం వ్యాకరణబద్ధం.

వరంగల్:

అక్కా, చీలుడుకు ఉల్టా మాట కూడా మన దగ్గర ఉంది. బదిలీ! 2021ల మా పట్టభద్రుల ఎమ్మెల్సీకి 71 మంది నిలబడ్డరు. బ్యాలెట్ పేపరు దినపత్రికంత. ఒకటి, రెండు అని నంబర్లు వేసుడు, అడుగునున్నోళ్లను ఒక్కొక్కరిని ఎలిమినేట్ చేసుడు, వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లు పైవాళ్లకు పంచుడు. లెక్క తేలేసరికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు టీవీల "ఓట్లు చీలినయ్" అన్న మాట చాలా తక్కువ విన్న. అంతా "ఎవరికెంత బదిలీ అయింది" అన్నదే. మీ దగ్గర గట్ల ఓటు లేదా?

ఫ్రీమాంట్:

ఉంది తమ్ముడూ, కొన్నిచోట్ల. మెయిన్ అనే రాష్ట్రంలో 2018 ప్రైమరీ నుంచి మొదలైంది. న్యూయార్క్ నగరంలో 2021 డెమొక్రటిక్ మేయర్ ప్రైమరీలో 13 మంది. ఆడమ్స్‌కు మొదటి ప్రాధాన్యాలు 31 శాతం లోపే. రెండో స్థానంలో వైలీ, మూడో స్థానంలో గార్సియా. బదిలీలు జరిగేకొద్దీ గార్సియా వైలీని దాటేసి చివరి రౌండుకు వచ్చారు, 7,197 ఓట్లతో ఓడిపోయారు. మామూలు లెక్కయితే గార్సియా మూడో స్థానం మనిషిగానే మిగిలిపోయేవారు. మన పెద్దవాళ్లకు దీన్ని "ఎమ్మెల్సీ ఓటు లాంటిది" అని రాస్తే చాలు. నాలుగు పేరాలు మిగిలాయి, నీ చలవ.

సరే, నా వాక్యం ఇలా మార్చాను:

"2016 న్యూహాంప్‌షైర్ టికెట్ ఎన్నికలో ట్రంప్‌కు 35 శాతం ఓట్లు వచ్చాయి. మిగతా 65 శాతాన్ని మిగిలినవాళ్లంతా పంచుకున్నారు. ఎవరికీ 16 శాతం దాటలేదు."

"పంచుకున్నారు" అంటే ముద్దాయి ఉండడు, వెదురూ ఉండదు. ఆ 65 ఒక్కటిగా ఉండేదా అన్నది చదివేవాళ్ల ఇష్టం. కాలిఫోర్నియా పేరాలో మాత్రం "చీలాయి" అనే ఉంచాను, డాలస్ గారికి కూడా అభ్యంతరం లేదనుకుంటా.

డాలస్:

లేదు మేడమ్. పంచుకోవడంలో కొంచెం అన్నదమ్ముల ఆస్తి వాసన వస్తోంది, అయినా ఓకే.

ఫ్రీమాంట్:

మామయ్యగారికి చూపించాను. రెండుసార్లు చదివి "ఇప్పుడు లెక్క కుదిరింది" అన్నారు. కళ్లజోడు మళ్లీ నుదుటి మీదకు తోశారు. "మరి పైన శీర్షిక 'ఓట్ల చీలిక' అని అలాగే ఉందేమిటి?"

హైదరాబాద్ డెస్కు:

మార్చకండి అక్కా. "ఓట్లను పలువురు పంచుకొనుట" అని శీర్షిక పెడితే రెండో లైనుకు పోతుంది. మా డెస్కులో ఇరవై ఏళ్లుగా "చీలిక" బతుకుతున్నది అందుకే, మూడక్షరాల్లో అయిపోతుంది.