జనవరి బాలింతకి స్వెటర్లు: ఊలా, కాటనా?

మియాపూర్_7వ_అంతస్తు
జనవరి మొదటి వారంలో డేట్ ఇచ్చారు. రాత్రిళ్ళు బాల్కనీ వైపు గాలి బాగా కొడుతుంది. 1) పాలివ్వడానికి వీలుగా ఉండే స్వెటర్ ఎలాంటిది చూడాలి? 2) బేబీకి జీరో సైజా, పెద్దదా? 3) ఇద్దరికీ కలిపి 3,000లో అవుతుందా? 4) జిప్ మేలా, బటన్లు మేలా? అన్నట్టు అత్తయ్యగారు ట్రంకుపెట్టెలోంచి చేత్తో అల్లిన బుల్లి స్వెటర్లు 4 తీశారు. భలే ఉన్నాయి, కలరా ఉండల వాసన తప్ప. ఉతికి వాడేస్తే సరిపోతుంది కదా?

అల్లిక_అక్క
4వ దానికే చెప్తా. జిప్ వద్దు. అల్లిన బట్ట సాగుతుంది, జిప్ టేపు సాగదు. నాలుగు ఉతుకులు పడ్డాక ముందు భాగం అలలు అలలుగా లేస్తుంది. పైగా జిప్ లాగే ముక్క సరిగ్గా పాలు తాగే బిడ్డ బుగ్గకే ఒత్తుకుంటుంది. బటన్ల పట్టీ ఉన్నదే తీసుకో, మెడ దగ్గర్నుంచి కనీసం 22 సెం.మీ. తెరుచుకోవాలి. అంతకు తగ్గితే ప్రతిసారీ కింది నుంచి బట్టంతా ఎత్తి గడ్డం కింద నొక్కి పట్టుకోవాల్సిందే. టిచ్ బటన్లయితే ఒంటిచేత్తో తీయొచ్చు, కానీ పట్టీ తిప్పి లోపల గట్టి టేపు కుట్టారో లేదో చూడు. టేపు లేకపోతే బటన్ బట్టతో సహా ఊడి చేతికొస్తుంది.

హోజరీ_అన్న
నేను హోల్‌సేల్ లైన్ల ఉన్నోణ్ణి, నా మాట ఇనుండ్రి. బజార్ల సస్తాగ "ఉలెన్" అని అమ్మేది చాలా మటుకు ఊలు కాదు, అక్రిలిక్. దాన్నే మనోళ్ళు క్యాష్‌మిలాన్ అంటరు. కాశ్మీర్ మేకకు దానికి ఏం సంబంధం లేదు. ఇగ మన హైదరాబాద్ల చలి ఎంత? డిసెంబర్, జనవరిల రాత్రి 13–15 డిగ్రీలు, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ దిక్కు ఇంకొంచెం తక్కువ. పగటీలి 28. గంత మాత్రానికి 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరు బట్ట బరువు గ్రాములల్ల) ఫ్లీస్ ఎందుకు? కాన్పైన కొత్తల బాలింతకు రాత్రిళ్ళు అసలే చెమటలు పడ్తయ్. కాటన్ ఇంటర్‌లాక్ (రెండు దిక్కుల ఒక్క తీరుగ ఉండే అల్లిక), 200–220 జీఎస్ఎం, రెండు తీస్కోండ్రి. మీదికెల్లి సన్న కార్డిగన్ ఒకటి. సింగిల్ జెర్సీ (టీషర్ట్ అసొంటి ఒంటి పొర అల్లిక) 160–180 ఉంటది, చవుక, గని కోసిన అంచు చుట్టుకపోతది. లేబుల్ మీద 5 శాతం లైక్రా ఉన్నదా చూడుండ్రి. లేకుంటే గుంజి గుంజి మెడ వేలాడుతది.

శిశువార్డు_డ్యూటీ
జిప్పులూ జీఎస్ఎంలూ తర్వాత. ఆ కలరా ఉండల సంగతి ఎవరికీ పట్టదా? అవి నాఫ్తలీన్. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే జి6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, మగపిల్లల్లో ఎక్కువ. అలాంటి బిడ్డకి ఆ ఆవిరి ఊపిరి ద్వారానో చర్మం ద్వారానో చేరితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కామెర్లు ఒక్కసారిగా పెరిగిపోతాయి. పచ్చదనం మితిమీరితే మెదడుకే ముప్పు. పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష చేసే ఆనవాయితీ మన దగ్గర అన్నిచోట్లా లేదు, కాబట్టి మీ బిడ్డకి ఉందో లేదో ముందే తెలియదు. ఆ స్వెటర్లు నెలల పిల్లకి వేయొద్దు. ఆ పెట్టెలో దాచిన దుప్పట్లూ అంతే.

ట్రంకుపెట్టె
ఇదెక్కడి గోలమ్మా. మా తరంలో పిల్లలందరూ ఆ పెట్టెల్లో బట్టలే కట్టుకుని పెరిగారు. ఒక పూట ఎండలో వేస్తే వాసన పోతుంది. ప్రతిదానికీ భయపెట్టడం ఈ కాలపు వాళ్ళకి అలవాటైపోయింది.

శిశువార్డు_డ్యూటీ
పెద్దమ్మా, ఆ లోపం లేని పిల్లలకి ఏమీ కాలేదు, అంతే. ఉన్నవాళ్ళ కామెర్లని "దిష్టి" అనుకున్న ఇళ్ళూ ఉన్నాయి. నాఫ్తలీన్ నీళ్ళలో కరగదు, అందుకే ఒక్క ఉతుకుతో పోదు. గాలికి మెల్లగా ఆవిరై పోవాలి. రోజుల తరబడి ఎండకి, గాలికి ఆరేసి, వేడినీళ్ళు తట్టుకునే బట్టయితే వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికాక కూడా ముక్కుకి ఆనించినప్పుడు ఏ మాత్రం వాసన తగిలినా పక్కన పెట్టేయాలి.

ట్రంకుపెట్టె
మరి పురుగు పడితే ఎవరిది బాధ్యత? నీదా?

హోజరీ_అన్న
పెద్దమ్మా, బట్ట పురుగు తినేది ఊలును, పట్టును. క్యాష్‌మిలాన్‌ను ముట్టది. గా పెట్టెలున్నయి క్యాష్‌మిలాన్ అయితే ఇన్నేండ్లు ఉండలేసుడే దండగ.

ట్రంకుపెట్టె
అవి అసలు ఊలు బాబూ. మేం కొన్న రోజుల్లో ఈ నకిలీలు లేవు.

అల్లిక_అక్క
తేల్చుకోవడం తేలికే. లోపల కుట్టు దగ్గర మిగిలిన దారం 3 సెం.మీ. కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద వెలిగించండి. ఊలయితే జుట్టు కాలిన వాసన, మంట తీయగానే ఆరిపోతుంది, నలిపితే పొడయ్యే బూడిద. కాటన్ కాగితంలా మండి బూడిదవుతుంది. అక్రిలిక్ చరచరా మండి, కరిగి, చివర నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. వేళ్ళతో ముట్టుకోవద్దు, చర్మానికి అంటుకుంటుంది.

ట్రంకుపెట్టె
అపురూపంగా అల్లినదాన్ని కాల్చమంటున్నారా!

అల్లిక_అక్క
దారం ముక్కండీ. స్వెటర్ కాదు.

నల్లకుంట_మనవరాలు
ఉండల బదులు ఎండు వేపాకు మూట కట్టి పెట్టుకోండి. కర్పూరం మాత్రం వద్దు, చంటిపిల్లలకి అదీ విషమే. కరిగి అంటుకుంటుందన్నారు కాబట్టి ఇంకోటి. స్నానం చేయించాక సాంబ్రాణి వేస్తారు కదా, బాలింత అక్రిలిక్ శాలువా కప్పుకుని నిప్పుల మీదికి వంగకూడదు. ఒక్క రవ్వ చాలు. ఆ పది నిమిషాలూ కాటన్ చీరే మేలు.

శిశువార్డు_డ్యూటీ
పసిబిడ్డకి సాంబ్రాణి పొగే వద్దు. అసలు నిప్పులే పెట్టకపోతే ఏ బట్టయినా ఒకటే.

నల్లకుంట_మనవరాలు
నేను తల్లి జుట్టు ఆరబెట్టడం గురించి చెప్పాను. చదివి కోప్పడండి.

బోరునీళ్ళు
మెత్తటి స్వెటర్ కొనండి అని అందరూ చెప్తారు, ఉతికేది ఏ నీళ్ళతో? నిజాంపేట, ప్రగతినగర్‌లో చాలా అపార్ట్‌మెంట్లకి బోరు, ట్యాంకరే. ఆ ఉప్పునీళ్ళలో సబ్బు తెట్టు కట్టి బట్టలోనే ఉండిపోతుంది, ఆరాక కాటన్ అట్టముక్క. సబ్బు బిళ్ళ, పౌడర్ కాకుండా లిక్విడ్ వాడండి, చెప్పిన దాంట్లో సగం వేసి రెండుసార్లు జాడించండి. చివరి బకెట్ ఒక్కటి మంజీర (నల్లా) నీళ్ళు దొరికితే పట్టి ఉంచుకోండి. మెత్తదనం కోసం కండిషనర్ పోస్తే కాటన్ తడి పీల్చడం తగ్గిపోతుంది, పాలు కక్కే బిడ్డని భుజాన వేసుకునేది పీల్చకపోతే ఇంకెందుకు?

హోజరీ_అన్న
తడి కాటన్ స్వెటర్ తీగ మీద వేలాడదీయొద్దు, నీళ్ళ బరువుకు మోకాళ్ళ దాకా సాగుతది. టవల్ పర్చి దాని మీద ఆరేయాలె. అక్రిలిక్‌కు వేడి ఇస్త్రీ పెట్టొద్దు, జీవం పోయి చచ్చుబడ్తది, మళ్ళ లేవది. అసలు ఊలు వేడినీళ్ళలేసి పిసికితే దగ్గరపడి పిల్ల స్వెటర్ బొమ్మకు వస్తది. రంగు సంగతి ఎవ్వరు చెప్పరు. లేత గ్రే మిలాంజ్ (రెండు రంగుల పోగులు కలిసింది) తీస్కోకుండ్రి, పాలు కారిన మరక అల్కగ కనపడ్తది. నేవీ, చిన్న చిన్న ప్రింట్లయితే తెల్వది.

మియాపూర్_7వ_అంతస్తు
స్వెటర్లు పక్కన పెట్టేశాం, అత్తయ్యగారు కొంచెం అలిగారు. బేబీ సైజు ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, సిజేరియన్ అయితే నడుం దగ్గర ఎలాంటిది ఉండాలి?

శిశువార్డు_డ్యూటీ
కింద వేసుకునే దాని పట్టీ బొడ్డు పైకి రావాలి, కోత మీద ఎలాస్టిక్ కూర్చోకూడదు. పైది పొడుగ్గా, వదులుగా. బిడ్డకి పెద్దవాళ్ళకంటే ఒక్క పొర ఎక్కువ, అంతే. చేతులు కాళ్ళు చల్లగా ఉన్నాయని స్వెటర్ మీద స్వెటర్ వేయొద్దు, అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక, పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి, చెమట తగిలితే ఒకటి తీసేయాలి. జాలీ అల్లికలో వేలు ఇరుక్కుంటుంది. గ్లవ్స్, సాక్సులు తిరగేసి లోపలి దారప్పోగులు కత్తిరించండి, పోగు వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు. మెడ దగ్గర లాగే తాళ్ళు, రిబ్బన్లు ఉన్నవి కొననే వద్దు. ఇంటికొచ్చాక పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయండి, ముఖం మీదికి జారుతుంది. నెలలు తక్కువగా పుడితే మాత్రం డాక్టర్ చెప్పినట్టు.

ట్రంకుపెట్టె
టోపీ కూడా తీసేయాలా! చెవుల్లోకి గాలి పోదూ?

శిశువార్డు_డ్యూటీ
పోదు.

అల్లిక_అక్క
సైజు నేను చెప్తా. జీరో ఒక్కటే కొను, మిగతావి 3 నెలలవి, చేతులు మడిచి వేయొచ్చు. తలమీదుగా తొడిగేది వద్దు. పుట్టినప్పుడు తల చుట్టుకొలత దాదాపు 35 సెం.మీ., మొదటి మూడు నెలలూ నెలకి 2 సెం.మీ. దాకా పెరుగుతుంది, మెడ అల్లిక అంత సాగదు. ముందు తెరిచేదే మంచిది. అత్తయ్యగారి అలక తీరాలంటే కొత్తది అల్లమను. 4 ప్లై బేబీ ఊలు 50 గ్రాముల ఉండలు 3, సూదులు 10 నంబర్, పట్టీకి 12 నంబర్. 10 సెం.మీ.కి 28 కుట్లు రావాలి. ఛాతీ 41, వదులు 5, మొత్తం 46 సెం.మీ. వీపు భాగం అందులో సగం కాబట్టి 66 కుట్లు ఎక్కించమను, రెండు సీదా రెండు ఉల్టా పట్టీ అటూ ఇటూ సమంగా కుదురుతుంది, రెండు కుట్లు అతుకులో పోతాయి.

నల్లకుంట_మనవరాలు
10 నంబర్ అంటే 3.25 మి.మీ. అని కూడా చెప్పండి. ఆన్‌లైన్‌లో 10 అని కొడితే 10 మి.మీ. దుడ్డుకర్రలు వస్తున్నాయి.

ట్రంకుపెట్టె
నా దగ్గర 10, 12 రెండూ ఉన్నాయి. ఎవరూ నాకు కుట్లు లెక్క చెప్పనక్కర్లేదు. మెడ ముగించేటప్పుడు బిగుసుకుపోకుండా రెండు నంబర్లు లావు సూది వాడాలని చెప్పండి ముందు, అది ఒక్కరూ చెప్పలేదు. నంబర్ తగ్గేకొద్దీ సూది లావు, కాబట్టి 8 నంబర్ చాలు.

అల్లిక_అక్క
నిజమే పెద్దమ్మా. బొత్తాల కాజాలు ఎన్ని కుట్లకి వదులుతారు మీరు, రెండా మూడా?

ట్రంకుపెట్టె
రెండే. మూడు వదిలితే వారానికే కాజా వదులై బొత్తం నిలవదు.

మియాపూర్_7వ_అంతస్తు
3,000లో అవుతుందా అని అడిగాను…