హైదరాబాద్ హెరిటేజ్ డబ్బు రాళ్లకేనా, కళాకారులకు ఏమైనా మిగులుతుందా?

పత్తర్‌గట్టి_పావురం:
మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో తెరిచినప్పుడు నేనూ సంబరపడ్డాను. 1935లో కట్టిన గ్రానైట్ మార్కెట్ అది. పైన పేరుకున్న రంగులు, రేకుల షెడ్లు, ఫ్లెక్సీలు తీసేసరికి ఇన్నాళ్లూ దీని పక్క నుంచేనా ఐస్‌క్రీమ్ తింటూ పోయాం అనిపించింది. 2022 డిసెంబర్‌లో బన్సీలాల్‌పేట మెట్లబావి తెరిచారు. చార్మినార్ దగ్గరి పాత ప్యాలెస్ సర్దార్ మహల్‌కు ప్లాన్ వేశారు, అందులో ఆర్ట్ గ్యాలరీ, సాంస్కృతిక కేంద్రం వస్తాయన్నారు. అన్నీ మంచి పనులే.

నా గొడవ ఇది. ఇలాంటి ప్రాజెక్టు గురించి ఏ వార్త చదివినా సున్నానికి, రాతికి, లైటింగ్‌కి ఇన్ని కోట్లు అని ఉంటుంది. లోపల ఎవరు పాడతారు, ఎవరు ఆడతారు, వాళ్లకు నెలకు ఎంత ముడుతుంది అన్నది ఎక్కడా ఉండదు. రిబ్బన్ కత్తిరించే రోజు డప్పులు మోగితే సాంస్కృతిక కార్యక్రమం అయిపోయినట్టే. 2019లో యునెస్కో మన నగరానికి ఇచ్చిన గుర్తింపు వంటలకు. చార్మినార్, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు ఇంకా తాత్కాలిక జాబితాలోనే ఉన్నాయి. అంటే ఇక్కడి మనుషుల చేతిపనికి ముందు పేరొచ్చింది. అయినా డబ్బంతా గోడలకే పోతోంది. కార్పొరేషన్ హెరిటేజ్ కింద ఖర్చుపెట్టే దాంట్లో సగం కళాకారులకు, చేతివృత్తుల వాళ్లకు పోవాలంటాను. కాదనేవాళ్లు రండి.

సున్నం_గానుగ:
కాదనేవాణ్ణి వచ్చాను సార్. నేను సివిల్ ఇంజినీర్ని, పాత కట్టడాల మరమ్మతులే నా పని. సగం అనడం తేలిక. వానాకాలం మీ సగం కోసం ఆగదు. 2019 మేలో చార్మినార్ మినారు నుంచి సున్నపు గచ్చు నగిషీ ముక్క ఊడి కిందపడింది గుర్తుందా? అంత పేరున్న కట్టడానికే ఆ గతి. పేరు లేనివాటి సంగతి చెప్పక్కర్లేదు.

పైగా ఇది మామూలు కాంట్రాక్టు పని కాదు. సున్నాన్ని గుంతలో వారాల తరబడి నానబెట్టాలి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బాలి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పొయ్యాలి. ఓపిక లేక సిమెంటు పూస్తే ఏమవుతుందో పాతబస్తీలో ఏ గోడైనా చూడండి. లోపలి తేమ బయటికి పోదు, ఉప్పు పొంగుతుంది, రెండు మూడు వానలకు పూత పెచ్చులుగా లేస్తుంది. అప్పుడు సిమెంటు గీకడానికి ఒక ఖర్చు, మళ్లీ సున్నం పెట్టడానికి ఇంకో ఖర్చు. కవ్వాలీ వచ్చే ఏడాదైనా పాడుకోవచ్చు. కూలిన కమాను తిరిగి రాదు.

మర్ఫా_దరువు:
వచ్చే ఏడాదికి పాడేటోడు ఉండాలె కదన్నా.

మా ఇంట్లో మూడు తరాల నుంచి మర్ఫా, అదే పాతబస్తీ పెళ్లిళ్ల డోలు దరువు, కొడుతున్నరు. మా చిన్నాయన కొడుకులు ఇద్దరూ డోలు అటక మీద పెట్టి క్యాబ్ తోలుతున్నరు. వాళ్లను ఏమన్నా అంటే తప్పు నాదే అయితది. పెళ్లిళ్లకు డీజే బాక్సులు వచ్చినాక మాకు మిగిలింది సర్కారీ ప్రోగ్రాములే. అవి ఎట్లుంటయో చెప్త. ఒక ఆఫీసోళ్లు ఓ భవనం ఓపెనింగ్‌కు పిలిచిన్రు. పొద్దుగాల్నే వచ్చి ఎండల నిలబడుమన్నరు. మినిస్టర్ సారు వచ్చేది ఆలస్యమైంది, వచ్చినాక ఐదు నిమిషాలు కొట్టినం, ఫొటో దిగినం. పైసల కోసం పోతే ఫైలు పైకి పోయిందన్నరు. ఆ ఫైలు ఇంకా కిందికి దిగలే. అదే భవనానికి లైట్లు పెట్టిన కాంట్రాక్టరుకు బిల్లు ఆపుతరా?

కూకట్‌పల్లి_కాపురం:
నేను తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నా. మా వీధిలో డ్రైనేజీ పొంగి రోడ్డు మీదికి వస్తుంటే మా ఇంటి పన్ను కవ్వాలీకి ఎందుకు పోవాలి? సర్దార్ మహల్‌ను ఏదైనా మంచి హోటల్ కంపెనీకి ఇచ్చేయండి. ఫలక్‌నుమాను తాజ్ వాళ్లు 2010 నుంచి నడుపుతున్నారు, కట్టడం అద్దంలా ఉంది, సర్కారుకు పైసా ఖర్చు లేదు.

ప్లానింగ్_పిచ్చి:
ఫలక్‌నుమాతో పోలిక కుదరదండీ. అది నిజాం కుటుంబం ఆస్తి, వాళ్లిష్టం. సర్దార్ మహల్ జీహెచ్‌ఎంసీది, అంటే నగర కార్పొరేషన్‌ది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1900లో కట్టించాడు, పన్ను బకాయిల కింద 1965లో కార్పొరేషన్ చేతికొచ్చింది. ఆ తర్వాత అందులో మున్సిపల్ ఆఫీసే నడిచింది. జనం ఆస్తిలోకి జనమే టికెట్టు ధర చూసి వెనక్కి తిరిగే పరిస్థితి రాకూడదు కదా. ఓ నాలుగు గదులు అద్దెకిచ్చి మిగతాది తెరిచి ఉంచుతామంటే మాట్లాడదాం.

అసలు ఈ చర్చలో ఒక సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. 'కార్పొరేషన్ హెరిటేజ్ డబ్బు' అని ఒకే మూట ఎక్కడా లేదు. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖవి. కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర హెరిటేజ్ శాఖవి, అక్కడ 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు పనిచేసింది. పాతబస్తీ పనులకు కులీ కుతుబ్‌షా అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ వేరే ఉంది. పాట, ఆట అంటే భాషా సాంస్కృతిక శాఖ. జీహెచ్‌ఎంసీకి మిగిలేది రోడ్డు, మార్కెట్టు, తన పేరు మీదున్న కొన్ని భవనాలు. మర్ఫా అన్న ఫైలు ఎక్కడ ఆగిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పిలిచేది ఒకరు, సంతకం పెట్టేది ఇంకొకరు.

చట్టం సంగతీ అంతే. 1981 జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే) నిబంధనల్లో 13వది హెరిటేజ్ కట్టడాలకు రక్షణ ఇచ్చేది. 2015లో దాన్ని తీసేశారు. 2017లో కొత్త హెరిటేజ్ చట్టం తెచ్చారు. ఇర్రమ్ మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేయకపోతే ఆ భవనం ఇవాళ ఫొటోల్లోనే ఉండేది. ఇంత గందరగోళంలో 'సగం' ఎవరి జేబులోంచి తీస్తారు?

గాజుల_గల్లీ:
మాది లాడ్‌బజార్ వెనక గల్లీ. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు (ఈ ఊరి ప్రత్యేక వస్తువన్న ముద్ర) వచ్చింది, పేపర్లో ఫొటోలు వేశారు. గాజు చేసేవాళ్లకు జతకు ఇచ్చే కూలి మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

చార్మినార్ చుట్టూ పాదచారుల ప్రాజెక్టు మొదలై ఎన్నేళ్లయిందో మా అమ్మకు కూడా లెక్క తెలీదు. తవ్వినప్పుడల్లా బేరాలు పడిపోతాయి. రాళ్లు పరిచాక బజారు అందంగానే ఉంది, కాదనను. అందం షాపు ముందు భాగానికి వచ్చింది. గాజు తయారయ్యేది అక్కడ కాదు, కిటికీ లేని గదిలో. లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, తీగలా సాగదీసి, గాజుకు వంచి, వేడి పోకముందే చిమటా (పట్టకారు)తో రాళ్లు ఒక్కొక్కటే అతకాలి. చల్లారితే రాయి పట్టదు, వేడి ఎక్కువైతే లోపలికి దిగిపోతుంది. పొగ, వేడి, వంగిన నడుము. మా అమ్మ ఫ్యాను కూడా వేసుకోదు, గాలికి లక్క చల్లారిపోతుందని.

మాకు గ్రాంటు వద్దు. సర్దార్ మహల్ చార్మినార్ నుంచి నడిచిపోయేంత దూరం. కింది అంతస్తులో రెండు గదులు, మంచి పొగగొట్టం, తక్కువ అద్దె ఇవ్వండి. టూరిస్టు ఎదురుగా గాజు చేస్తే షాపువాడు ఇచ్చే కూలి కాకుండా గాజు ధరే మా చేతికొస్తుంది.

సున్నం_గానుగ:
అమ్మా, మీ మాట సబబే. కానీ నూట పాతికేళ్ల భవనంలో బొగ్గుల కుంపటా? పైకప్పు చెక్కదైతే ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) ఎవరిస్తారు? పొగగొట్టానికి గోడ తొలవాలి, నేను ఒప్పుకోను. వెనక ఖాళీ స్థలంలో విడిగా చిన్న షెడ్డు వేస్తే అభ్యంతరం లేదు.

గాజుల_గల్లీ:
షెడ్డు చాలు సార్. గేటు పక్కనైతే ఇంకా మంచిది. వెనకేస్తే ఎవరూ రారు.

కూకట్‌పల్లి_కాపురం:
ఇదైతే నాకూ ఓకే. అద్దె వస్తుంది కదా, తక్కువైనా సరే. సగం బడ్జెట్ అనే లెక్క మాత్రం నాకింకా ఎక్కడం లేదు.

పత్తర్‌గట్టి_పావురం:
సగం దగ్గరే పట్టుబట్టను, అది చర్చ మొదలవడానికి వేసిన అంకె. కానీ ముందు భవనం, తర్వాత కళ అన్న వరస మాత్రం నాకు మింగుడు పడదు. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో శంకుస్థాపన చేస్తే 2024లో తెరిచారు. ఆ పదేళ్లలో ఎంతమంది కళాకారులు వేరే పని చూసుకుని ఉంటారు?

డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) రాసేటప్పుడే మూడు సంగతులు తేల్చాలి. మొదటి ఐదేళ్లు ఆ భవనాన్ని నడిపేది ఏ శాఖ. ఏడాదికి ఎన్ని ప్రదర్శనలు, ఒక్కోదానికి కళాకారుడికి ఎంత, ఎన్ని రోజుల్లో. స్థానిక వృత్తులవాళ్లకు ఎంత జాగా, ఎంత అద్దె. ఇవి లేని డీపీఆర్‌ను కార్పొరేషన్ స్టాండింగ్ కమిటీ వెనక్కి పంపాలి. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

ప్లానింగ్_పిచ్చి:
స్టాండింగ్ కమిటీ వెనక్కి పంపడమా! నవ్వొచ్చింది, క్షమించండి. కాగితం మీద మాత్రం బాగుంది. సాంస్కృతిక శాఖతో ముందే ఒప్పందం ఉండాలని కూడా చేర్చండి, లేకపోతే మళ్లీ ఫైలు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతుంది.

సున్నం_గానుగ:
నాదో షరతు. ఒక నిర్వహణ పద్దు వేరేగా పెట్టాలి, ప్రదర్శనల ఖర్చు అందులోంచి తియ్యకూడదు. ఏటా వానలకు ముందు పైకప్పు తూములు శుభ్రం చెయ్యడానికి పెద్ద ఖర్చేం కాదు, దానికీ డబ్బు లేదనడం నేను చాలా చోట్ల చూశాను. ఇంకోటి, లోపల డీజే బాక్సులు పెట్టనివ్వను. ఆ బేస్ అదురుకు పాత గచ్చు రాలుతుంది.

మర్ఫా_దరువు:
మర్ఫాకు బాక్సులెందుకన్నా, మైకు కూడా అక్కర్లే. కరెంటు పోయినా నడుస్తది. ఆ పైసలిచ్చే తారీకు మాత్రం ముందే రాయించుండ్రి.